షుగరు బిళ్లకు కొత్త ఉద్యోగమట!

విజయనగరం,
గంటస్తంభం వెనక వీధి.

మహారాజశ్రీ మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాముల బిళ్ల గారికి,

గారూ గీరూ ఇక్కడితో సరి. పదకొండేళ్లుగా రెండుపూటలా నా గొంతు దిగుతున్నావు, మనలో మనకి మన్ననలేమిటి? రేకు చింపగానే కొట్టే నీ ఎండుచేపల కంపు నాకు తెలుసు. తొలి నెల నా కడుపులో నువ్వు చేసిన గడబిడా తెలుసు. భీమాలి తాండ్ర నాలుగు ముక్కలు లాగించి, ఆ పాపం కడగమని నిన్ను మింగిన పూటలు నీకూ తెలుసు.

అలాంటి నీకు కొత్త ఉద్యోగం చూస్తున్నారని విన్నాను. పుట్టేటప్పుడు ఊపిరందక మెదడు దెబ్బతిన్న పసిగుడ్లను బాగుచేస్తావట! నా ఒక్కడి షుగరే ఏనాడూ చెప్పుచేతల్లో పెట్టలేకపోయావు కదా. (తప్పు తాండ్రది అంటావు. సరే.)

అనుమానమొచ్చి నీ జాతకం తిరగేశాను. గలీగా అనే ఐరోపా మొక్క మీ వంశానికి మూలం. 1922లో నిన్ను ల్యాబులో తయారుచేశారు. 1957లో జాఁ స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టరు షుగరు కొలువులో పెట్టాడు. అమెరికా అయితే 1994 దాకా గడప తొక్కనివ్వలేదు. 2012లో కెనడాలోని టొరంటో శాస్త్రవేత్తలు ఎలుకల మీద చూస్తే, మెదడులో మూలకణాలను తట్టిలేపి కొత్త నరాల కణాలు పుట్టిస్తున్నావని తేలింది. అక్కణ్ణుంచి నీ దశ తిరిగింది. ఊపిరందని ఎలుకపిల్లల దగ్గరకూ నిన్ను పంపారు. నీకో పోటీదారు కూడా ఉన్నాడు. గిలా మాన్‌స్టర్ అనే విషపుబల్లి నుంచి దొరికిన ఎక్సెండిన్-4. అదీ 2005లో షుగరు ఇంజెక్షన్‌గా వచ్చిందే. ఎలుకపిల్లల మెదడు దెబ్బను అది తగ్గించిందని 2018లో లండన్, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వాళ్లు చూపించారు. మీద బల్లి పడితే పంచాంగం తీసే ఊరు మాది, దాన్ని సూదిలో ఎక్కించుకుని వస్తే ఏమంటారో!

నీ గురించే ఇంకో మాట. ఎదిగిన ఎలుకల్లో నీవల్ల మేలు ఆడవాటికే కనబడిందట, మగవాటికి లేదట. మా ఆవిడకు చదివి వినిపించాను. "మగోళ్ల బుర్ర మందులకి బాగవదని కెనడా దాకా తెలిసిపోనాదేటి?" అని పప్పు తాలింపు పెట్టుకుంది.

ఇంతవరకూ సరదాగానే ఉంది. మొన్న కవిటి నుంచి మా బావ ఫోన్ చేశాడు.

"బామ్మర్దీ, సుగరు బిళ్లకి బుర్ర బాగయిపోతాదంట్రా. మన గుంటడికి పావుబిళ్ల అరగదీసి తేనెలో నాకిస్తే ఏటవుద్ది?"

గుంటడంటే మా అప్ప కూతురి కొడుకు, బావకి మనవడు. బావ దగ్గర నువ్వు దండిగా ఉన్నావు. ఎందుకున్నావో చెప్పనా? ఆయనది ఉద్దానం, కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ చోటు. రక్తంలో క్రియాటినిన్ పెరిగిందని, అంటే కిడ్నీలు నీరసించాయని, డాక్టరు నిన్ను మాన్పించేశారు. మిగిలిన షీట్లు డబ్బాలో మూలుగుతున్నాయి. ఎలా వచ్చావో అలాగే కిడ్నీల గుమ్మంలోంచి బయటికి పోయే రకం నువ్వు, ఆ గుమ్మం మూసుకుపోతే ఒంట్లోనే పేరుకుంటావు. మరి పుట్టేటప్పుడు ఊపిరందని బిడ్డకు దెబ్బ తగిలేది మెదడొక్కదానికేనా? కిడ్నీలకీ తగులుతుంది. తాతకి పనికిరావన్నదానివి అప్పుడే పుట్టిన బిడ్డకి ఎంత, ఎన్నిసార్లు పనికొస్తావో ఎలుకలు చెప్పలేవు. మా గుంటడికా, నాలుగేళ్లొచ్చాయి. వాడి సంగతి వేరే లెక్క, ఆ లెక్క కట్టేది బావ కాదు. అరగంట తిట్టాను.

నువ్వూ విను. నీకన్నా ముందు ఒక వైద్యం మంచి పేరు మోసుకునే వచ్చింది. పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టి 72 గంటలు బిడ్డ ఒంటిని 33.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర చల్లగా ఉంచడం. డబ్బున్న దేశాల్లో అది ప్రాణాలు నిలిపింది. అదే పద్ధతి మన దేశం, శ్రీలంక, బంగ్లాదేశ్‌లలో ఏడు ఆసుపత్రుల్లో 408 మంది పసివాళ్ల మీద పరీక్షించి, 2021లో లెక్క బయటపెట్టారు. చల్లబరిచినవాళ్లలో నూటికి 42 మంది చనిపోయారు, చల్లబరచనివాళ్లలో 31 మంది. కాబట్టి ఎలుక నుంచి లండన్ బిడ్డకే కాదు, లండన్ బిడ్డ నుంచి కవిటి బిడ్డకి కూడా బోలెడు దూరం ఉంది. అదంతా నడిచిరా. పాస్‌పోర్టుకే మామూలుగా పోలీసు విచారణ ఉంటుంది మాకు.

గుంటడు పుట్టిన రాత్రి సంగతి నీకు చెప్పలేదు కదూ. పుట్టాడు, ఏడవలేదు. ఊపిరూదే సంచీ బల్ల మీదే ఉంది. పసిబిడ్డ మూతికి సరిపడే మాస్కు బీరువాలో ఉంది. బీరువా తాళం డ్యూటీ దిగి ఇంటికెళ్లినావిడ కొంగున ఉంది. మొదటి నిమిషంలో అందాల్సిన గాలి, ఆ తాళం స్కూటరెక్కి వచ్చాక అందింది. ఆ ఆసుపత్రి పేరెందుకులే. రేపు నువ్వు పరీక్షలన్నీ నెగ్గి పసివాళ్ల మందువై వస్తావే అనుకో, నిన్నూ ఆ బీరువాలోనే పెడతారు.

వాడి ఎడమ చెయ్యి ఇంకా పిడికిలిగానే ఉంటుంది. ఫిజియోథెరపీ అమ్మాయి వేళ్లకి పని చెప్పమంది. బంతి ఇచ్చాం, విసిరేశాడు. పిండి ముద్ద ఇచ్చాం, తినేశాడు. సంక్రాంతికి ఇక్కడికొచ్చినప్పుడు నేను మింగి పారేసిన నీ ఖాళీ షీటు ఒకటి వాడికి దొరికింది. పది గుంతలు. ఒక్కోటీ ఎడమ బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి టక్కుమంటుంది. ఆ చప్పుడంటే వాడికి పిచ్చి. అప్పటినుంచి ఖాళీవన్నీ దాచి, నెలకోసారి పలాస వెళ్లే మనిషి చేత పంపుతున్నాను.

మొన్నటికి మూడు గుంతలు నొక్కాడట.

ఇట్లు,
రాత్రి భోజనమయ్యాక నిన్ను మింగబోయే
నీ పాత ఖాతాదారు