అర మిల్లీమీటరు గట్టు తగాదా

విడుదలప్పుడు ఏడొందల డాలర్లు పలికిన డబ్బా, దానికి డిస్కు పెట్టుకునే స్లాట్ లేదు. 2024 నవంబరులో సోనీ వాళ్లు ప్లేస్టేషన్ 5 ప్రో అని వీడియో గేముల డబ్బా ఒకటి వదిలారు కదా, దాని సంగతే చెబుతున్నాను. డిస్కు కావాలంటే డ్రైవ్ వేరేగా కొనుక్కోవాలి, దానికింకో 80 డాలర్లు. న్యూజెర్సీలో చదువుకుంటున్న మా మేనల్లుడు ఫోన్ చేసి "ఈ రోజుల్లో డిస్కులు ఎవరు వాడుతున్నారు మామయ్యా" అని ఎంతో తేలిగ్గా అనేశాడు. వాడి తప్పేం లేదు, వాడు పుట్టిందే 2004లో. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఎందుకంటే ఇదే కంపెనీ ఒకప్పుడు ఇదే డిస్కు కోసం లోకంలో ఉన్న కుర్రాళ్లందర్నీ నెలల తరబడి గుమ్మం బయట నిలబెట్టింది. డిస్కు లేకుండా గడప దాటితే వంశం పరువు పోతుందన్నంత హడావుడి చేసింది. ఆ వంశమే ఇప్పుడు డిస్కుని ఇంట్లోంచి గెంటేసి, కావాలంటే 80 డాలర్లు కట్టి తెచ్చుకోండి అంటోంది.

(విడుదలప్పుడు ఆ ప్రో డబ్బా మన దేశానికి రానే లేదు, అందులో ఉన్న 6 గిగాహెర్ట్జ్ వైఫైకి ఇక్కడ అనుమతి లేదని. మన టెలికాం శాఖ వల్ల నా డబ్బు మిగిలింది ఇప్పటిదాకా ఆ ఒక్కసారే.)

చిన్నవాళ్ల కోసం కాస్త పురాణం చెప్పాలి. 2002 ఫిబ్రవరిలో సోనీ, మత్సుషిత (పానసోనిక్ వాళ్లే), ఫిలిప్స్, శాంసంగ్ లాంటివి తొమ్మిది కంపెనీలు కలిసి బ్లూరే అనే కొత్త డిస్కు తెస్తున్నాం అన్నాయి. తోషిబా, ఎన్ఈసీ వేరు కుంపటి పెట్టుకుని, దానికి చివరికి హెచ్‌డీ డీవీడీ అని నామకరణం చేశాయి. మరి రెండిటికీ తేడా ఏమిటయ్యా అంటే, డిస్కు సైజు రెండిటికీ 12 సెంటీమీటర్లే. లేజరూ ఒకటే, 405 నానోమీటర్లు, బ్లూ అని పేరే గానీ చూస్తే ఊదా రంగు. మామూలు ఇంగ్లీషు మాటకి ట్రేడ్‌మార్కు దక్కదని ఆ బ్లూలో కూడా చివరి అక్షరం కోసేశారు, అంటే రంగూ నిజం కాదు, స్పెల్లింగూ నిజం కాదు. వీడియోని కుదించే పద్ధతులు రెండిట్లోనూ అవే. దొంగ కాపీలు తీయకుండా వేసిన తాళం అదే (దాని దగ్గరికి తర్వాత వస్తాను, దాని మీద నాకు చాలా ఉంది). తేడా అంతా డిస్కు మీద రాతని కప్పి ఉంచే ప్లాస్టిక్ పొర మందంలో. హెచ్‌డీ డీవీడీది 0.6 మిల్లీమీటర్లు, బ్లూరేది 0.1.

అంటే తగాదా అర మిల్లీమీటరు గురించి.

రామకోటి రాసేవాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. పాత డీవీడీ ఎర్ర లేజరు మొద్దు స్కెచ్ పెన్ను లాంటిది, పేజీకి నాలుగు రామనామాలు పడితే గొప్ప. కొత్త లేజరు సన్న పాళీ. కాగితం మీదికి బాగా వంగి రాస్తే అక్షరం ఇంకా చిన్నదవుతుంది కదా, బ్లూరే చేసింది అంతే, పొరని పలచన చేసి లెన్సుని దగ్గరికి తెచ్చింది. అందుకే డీవీడీ ఒక పొరలో 4.7 గిగాబైట్లు పడితే హెచ్‌డీ డీవీడీలో 15, బ్లూరేలో 25 పట్టాయి. పొర పలచనైతే గీతలు పడతాయి కదా అంటే దాని మీద ఇంకో గట్టి పూత పూశారు. హెచ్‌డీ డీవీడీ వాళ్లేమో మా పొర పాత డీవీడీ మందమే, పాత ఫ్యాక్టరీల్లోనే చవగ్గా అచ్చేయొచ్చు అన్నారు. రెండు వాదనల్లోనూ న్యాయం ఉంది. గట్టు తగాదాలో ఎప్పుడూ ఇద్దరికీ న్యాయం ఉంటుంది, కోర్టు ఖర్చులు కట్టేది మాత్రం పిల్లలు.

2005లో పంచాయతీ కూడా జరిగింది, రెండూ కలిపి ఒకటే చేద్దామని. పొర ఎవరిది ఉండాలన్న దగ్గర పెద్దమనుషులు లేచి వెళ్లిపోయారు. పొరదేముంది లెండి, పాత డీవీడీ పేటెంట్ల మీద తోషిబాకి మంచి ఆదాయం, రేపు అమ్ముడుపోయే ప్రతి డిస్కు మీదా ప్రతి ప్లేయర్ మీదా రాయల్టీ ఎవరి గల్లాపెట్టెలో పడాలన్నదే అసలు గట్టు. సోనీకి తోడు బీటామాక్స్ అనే తమ పాత వీడియో క్యాసెట్ పుండు ఒకటి, పోటీ క్యాసెట్ వీహెచ్‌ఎస్ చేతిలో పోయిన పరువు ఏళ్ల తరబడి సలుపుతూనే ఉంది. ఈసారి ఓడకూడదని ఒక ఉపాయం పన్నారు. డిస్కుని ఎవడూ అడగట్లేదు, ఆటల డబ్బాని అందరూ అడుగుతున్నారు, కాబట్టి ఆ డబ్బాలో ఈ డిస్కుని పెట్టేస్తే అడగనివాడి ఇంట్లోకి కూడా వెళ్లిపోతుంది కదా. పెళ్లికూతురితో పాటు మేనత్తని కాపురానికి పంపినట్టు.

ఇక ముహూర్తాల కథ. ప్లేస్టేషన్ 3 ని 2005 మేలో చూపించి, 2006 వసంతంలో ఇస్తాం అన్నారు. వసంతం అంటే మనకి ఉగాది. ఆ ఉగాది మార్చి 30న. సరిగ్గా పదిహేను రోజుల ముందు, మార్చి 15న, కెన్ కుతరగి గారు (ప్లేస్టేషన్ పితామహుడని పేరు) సభ పెట్టి నవంబరుకి వాయిదా అన్నారు. కారణం ఏమిటి? ఆటలు తయారవలేదా? డబ్బా వేడెక్కుతోందా? కాదు. బ్లూరే డిస్కు తాళానికి సంబంధించిన ఒప్పందాలు ఇంకా ఖరారు కాలేదట. ఆట ఆడుకోవాలనుకున్న కుర్రాడు, ఎప్పుడూ కొనబోని సినిమా డిస్కుకి తాళంచెవి తయారు కాలేదని ఎనిమిది నెలలు కూర్చోవాలి. తర్వాత సెప్టెంబరులో యూరప్ వాళ్లని మళ్లీ 2007 మార్చికి తోశారు, ఈసారి నీలి లేజరు డయోడ్లు దొరకలేదు. మొదట తాళం లేదు, తర్వాత లేజరు లేదు, రెండూ మేనత్తవే. ఆ ఉగాదికి మొదలైన సంవత్సరం పేరు కూడా వ్యయ. పంచాంగకర్తలు ఎవరికి ఎంత వ్యయమో ముందే రాసి ఉంటారు, మనమే చదువుకోలేదు.

అయితే ఈ కథ మొత్తంలో నాకు ప్రాణమైన ఘట్టం 2006 మేలో లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. ఎప్పుడు మనసు బాగోకపోయినా అదే తలుచుకుంటాను. సోనీ పెద్ద సభ పెట్టింది, లోకం నలుమూలల నుంచి విలేకరులు వచ్చారు. ఒకాయన వేదికెక్కి తమ కొత్త ఆట చూపిస్తూ, ఇందులోని యుద్ధాలు ప్రాచీన జపాన్‌లో నిజంగా జరిగిన ప్రసిద్ధ యుద్ధాల ఆధారంగా తీసినవి అని చాలా గంభీరంగా చెప్పాడు. చెప్పిన కాసేపటికి తెర మీదికి ఒక పీత వచ్చింది. రాక్షసాకారంలో ఉన్న శత్రు పీత. ఆయన గొంతులో గాంభీర్యం వీసమెత్తు తగ్గలేదు, దాని బలహీనమైన చోట కొడితే మహా నష్టం కలుగుతుందని వివరించుకుంటూ పోయాడు.

మన దగ్గర ఎవరైనా పల్నాటి యుద్ధం మీద ఆట చేశారనుకోండి. అయ్యా ఇది కారంపూడిలో నిజంగా జరిగింది, శాసనాలు చూసి చేశాం అంటాడు. బాగుంది, సర్దుకుని కూర్చున్నాం. బ్రహ్మనాయుడు వచ్చాడు, నాగమ్మ వచ్చింది, కోడిపందెం అయింది, బాలచంద్రుడు తల్లికి దండం పెట్టి కత్తి పట్టాడు, వెనక డప్పులు. ఇంతలో నాగులేరులోంచి రెండంతస్తుల మేడంత పీత లేచింది. బాలచంద్రుడు బంధుమిత్రులని, నాగమ్మని, రాజ్యాన్ని పక్కన పెట్టి ఆ పీతని వెల్లకిలా తిప్పే పనిలో పడ్డాడు. నాగమ్మ ఒక గట్టు మీద కూర్చుని చూస్తోంది, ఆవిడకేం చేయాలో తోచడం లేదు. కోడి ఏమైందో ఎవరికీ తెలియదు. వేదిక మీద ఆయన మాత్రం, శాసనాల ప్రకారం దీని పొట్ట కింద కొట్టాలండీ, అంటున్నాడు.

సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి అంటారు గానీ, ఆ సభలో పీత కష్టాలు పీత ఒక్కదాంతో ఆగలేదు. అక్కడే ప్లేస్టేషన్ 3 ధర చెప్పారు. చిన్నది 499 డాలర్లు, పెద్దది 599. అప్పటి లెక్కలో పెద్దది మన డబ్బు 27 వేల దాకా. ఇంకొన్ని గంటలు ఎక్కువ పని చేసైనా దీన్ని కొనుక్కోవాలని జనానికి అనిపించాలి అన్నది కుతరగి గారు అంతకుముందే సెలవిచ్చిన మాట. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఈ ధర బహుశా మరీ చవకేమో అని కూడా అన్నారు. విచిత్రం ఏమిటంటే వాళ్ల లెక్క ప్రకారం అది నిజంగానే చవక. ఐసప్లై అనే సంస్థ డబ్బా విప్పి వేసిన అంచనాలో పెద్దదాని తయారీకే 840 డాలర్ల దాకా తేలింది. ఆ ఆర్థిక సంవత్సరంలో సోనీ ఆటల విభాగం నష్టం 23,230 కోట్ల యెన్లు. మనం ఎక్కువిచ్చాం, వాళ్లు తక్కువకి అమ్మారు, ఇద్దరమూ నష్టపోయాం, మేనత్త మాత్రం అందరి ఇళ్లలో మంచం వేసుకుంది.

తర్వాతి యుద్ధం మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు, ఎన్నికల ముందు కండువాలు మార్చినట్టే. సినిమాలు తీసే పారామౌంట్ మొదట రెండు పార్టీల్లోనూ ఉండి 2007 ఆగస్టులో హెచ్‌డీ డీవీడీ కండువా కప్పుకుంది, పారామౌంట్‌కి, డ్రీమ్‌వర్క్స్ యానిమేషన్‌కి కలిపి 15 కోట్ల డాలర్ల ప్రోత్సాహకాలు ముట్టాయని పత్రికలు రాశాయి. వార్నర్ వాళ్లు ఒకవైపు ఇదీ ఇంకోవైపు అదీ ఉండే డిస్కు చేస్తామని 2007 జనవరిలో ప్రకటించారు, అది పుట్టనే లేదు. సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2008 జనవరి 4న, మేం బ్లూరే అనేశారు. పాపం హెచ్‌డీ డీవీడీ వాళ్లకి రెండు రోజుల్లో లాస్ వేగాస్‌లో విలేకరుల సమావేశం ఉంది. రద్దు చేసుకున్నారు. ఫిబ్రవరి 19న తోషిబా కాడి కింద పడేసింది. 2009లో వెళ్లి బ్లూరే సంఘంలోనే సభ్యత్వం తీసుకుంది. అర మిల్లీమీటరు మీద తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములు ఒకే పంక్తిలో కూర్చుని భోంచేశారు. హెచ్‌డీ డీవీడీ ప్లేయరు కొన్నవాళ్లని మాత్రం ఏ పంక్తిలోనూ పిలవలేదు.

ఇప్పుడు తాళం దగ్గరికి వస్తాను. దాని పేరు ఏఏసీఎస్. లక్షల మందిని ఆగమని చెప్పి తయారు చేసిన తాళం. ప్లేస్టేషన్ 3 అమెరికాలో 2006 నవంబరు 17న అమ్మకానికి వచ్చింది, ఆరు వారాలు తిరక్కుండానే, డిసెంబరు ఆఖర్లో, ఒక అజ్ఞాత వ్యక్తి ఆ తాళాన్ని హెచ్‌డీ డీవీడీ మీద దాటేశాడు, జనవరిలో బ్లూరేదీ అయిపోయింది. ఎందుకు చేశావయ్యా అంటే అతను చెప్పుకున్న కారణం వినండి. డబ్బిచ్చి సినిమా డిస్కు కొన్నాడట, ఇంటికి తెచ్చి పెడితే తన మానిటర్‌లో కాపీ రక్షణ ఏర్పాటు లేదని బొమ్మ రాలేదట. కొన్నవాడండీ! దొంగ కాడు, డబ్బు కట్టి రసీదు తీసుకుని వచ్చినవాడు. దొంగ కాపీ చూసేవాడికి ఏ మానిటరైనా పనిచేస్తుంది, ఏ ఊళ్లోనైనా ఆడుతుంది. అడ్డాలన్నీ డబ్బు కట్టినవాడికే. ప్రపంచాన్ని మూడు జోన్లు చేశారు, అమెరికా, జపాన్ ఏ, యూరప్ బీ, మనమూ చైనా రష్యా సీ. డాలస్‌లో కొన్న డిస్కుకి ఆ జోన్ ముద్ర ఉంటే అది గుంటూరులో ఆడదు. అల్లం పచ్చడి సూట్‌కేసులో ఇక్కడ నుంచి అక్కడికి వెళ్తుంది, ఏ కస్టమ్స్ వాడూ పట్టించుకోడు, సినిమా అక్కడ నుంచి ఇక్కడికి రాకూడదు. ఎవరిచ్చారు మీకా హక్కు? కొట్లో సామాను అమ్మాక కొట్టువాడు మన వెనకే ఇంటికొచ్చి, ఆ పప్పు ఈ గిన్నెలో వండకూడదు అంటే ఊరుకుంటామా?

అప్పటికి నయం, డిస్కు చేతిలో ఉండేది. 2023 డిసెంబరులో ఇదే సోనీ, ప్లేస్టేషన్ స్టోరులో జనం డబ్బిచ్చి కొనుక్కున్న డిస్కవరీ వాళ్ల కార్యక్రమాలు ఆ నెలాఖరు నుంచి ఉండవని చల్లగా చెప్పింది. జనం తిట్టిపోశాక వెనక్కి తగ్గింది, అది వేరే సంగతి. బటన్ మీద కొనండి అని రాసి, డబ్బు తీసుకుని, తర్వాత మా ఒప్పందం అయిపోయింది కాబట్టి తీసుకెళ్లిపోతాం అంటే దాన్ని మా ఊళ్లో వ్యాపారం అనరు. ఏమంటారో సంపాదకులు వేయనివ్వరు.

ఇవన్నీ మేనల్లుడికి చెబితే, అందుకే కదా మామయ్యా డ్రైవ్ కొనుక్కోవచ్చు అంటున్నారు, అన్నాడు. కొనుక్కోవచ్చు. విడిగా కొన్న ఆ డ్రైవ్‌ని డబ్బాకి తగిలించాక మొదటిసారి ఇంటర్నెట్ పెట్టి జత చేయాలట, నెట్ లేకపోతే చేతిలో ఉన్న డిస్కు కూడా తిరగదు. డబ్బాని నిలువుగా పెట్టుకోవాలంటే స్టాండు కూడా వేరే, దానికి 30 డాలర్లు.

ఆ పీతే నయం. నిలబడడానికి కాళ్లు దానితో పాటే వచ్చాయి.