పిల్లకాయలే కదా అని ఎవర్నైనా పెట్టేస్తారా?

నెల్లూరు ట్రంక్ రోడ్డులో, ఒంగోలు కర్నూలు రోడ్డులో కరెంటు స్తంభాలకి అంటించిన పాంప్లెట్లు ఈ అడ్మిషన్ల సీజన్‌లో మీరూ చూసే ఉంటారు. నెల రోజుల్లో నర్సరీ టీచర్ డిప్లొమా, క్లాసులకి రానక్కర్లేదు, పరీక్ష లేదు, సర్టిఫికెట్ గ్యారంటీ. పాఠకులు తీసి పంపిన ఇలాంటి ఫోటోలు మా డెస్కులో పోగుపడ్డాయి, ఒకదాంట్లో అయితే పాత సంవత్సరం తేదీతో కూడా ఇస్తామని బాహాటంగా రాశారు. ఎవరూ అడగట్లేదు, ఎందుకంటే అది పెద్ద క్లాసు కాదు, పిల్లకాయలే కదా.

మా భయం డబ్బులు పోతాయని కాదు. ఈ కాగితం ఒక్క స్కూల్లో చెల్లింది అంటే రేపు అన్ని స్కూళ్లలో చెల్లుతుంది, అప్పుడు నిజంగా కూర్చుని చదివేవాళ్లు ఎవరుంటారు? ఇంటర్ అయ్యి, పెళ్లయ్యి, పిల్లలు కాస్త ఎదిగాక ఏదో ఒక ఉద్యోగం చేసుకుందాం అనుకునే దర్శి, పొదిలి, ఉదయగిరి వైపు అమ్మాయిలు ఇగ్నోలో చిన్నపిల్లల సంరక్షణ డిప్లొమాకి కట్టి, తక్కువలో తక్కువ ఏడాది చదివి, ప్రాక్టికల్ చేసి బయటికొస్తే, పక్కింటామె నెలకి కొనుక్కొచ్చిన కాగితంతో అదే కుర్చీలో కూర్చుని ఉంటే ఆ చదివిన అమ్మాయి మొహం ఎట్టా చూడాలి?

అసలు ఆ ఏడాదిలో ఏం నేర్పుతారు, పాటలు పాడటమేగా అనేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడేళ్ల పిల్ల చేతికి పెన్సిల్ ఇచ్చి ఏ బీ సీ డీలు రాయమంటే వేళ్లు నొప్పెట్టి ఏడుస్తుంది, ముందు బంకమట్టి పిసకాలి, చింతపిక్కలు ఏరాలి, కాగితాలు చింపాలి, పూసలు గుచ్చాలి, అప్పుడు వేలికి బలం వస్తుంది. ఇది చదువుకున్న టీచర్‌కి తెలుసు. నాలుగేళ్లొచ్చినా మాట సరిగ్గా రాని పిల్లాణ్ణి మొండివాడు అని మూల కూర్చోబెట్టకుండా, చెవి వినపడుతుందో లేదో చూపించండమ్మా అని తల్లికి చెప్పడం కూడా ఆమెకి తెలుసు. దేశంలో ఎన్నో ఊళ్ల పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు మన మార్కాపురం నుంచి వెళ్లాయి, మన పిల్లల చేత ఆ మొదటి అక్షరం దిద్దించేది ఎవరో మాత్రం మనం పట్టించుకోం. చెవులు కుట్టించాలన్నా చేయి తిరిగిన కంసాలి దగ్గరికే తీసుకెళ్తాం కదా!

అమెరికాలో చిన్నపిల్లల టీచర్లకి సీడీఏ అని ఒక గుర్తింపు ఉంది, 1975 నుంచి ఇస్తున్నారు. 120 గంటల శిక్షణ, పిల్లల మధ్య 480 గంటల పని, చేసిన పనంతా చూపించే ఒక ఫైలు, ఆ పైన పరీక్ష, మనిషి వచ్చి క్లాసులో కూర్చుని చూసి వెళ్లడం, ఇవన్నీ అయితేనే ఇస్తారు. ఇచ్చాక కూడా మూడేళ్లకోసారి రెన్యువల్ చేసుకోవాలి. మన దగ్గర అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలైందీ అదే 1975లో, అక్టోబర్ 2న. ఇన్నేళ్లయినా మనం మాత్రం పిల్లకాయలే కదా దగ్గరే ఆగిపోయాం.

ఒకటో తరగతి చెప్పాలంటే డీఎడ్ కావాలి, టెట్ కావాలి. మరి ఎల్‌కేజీకి? విద్యాహక్కు చట్టం 6 ఏళ్ల నుంచి మొదలవుతుంది, ఆ లోపు పిల్లల గురించి 11వ సెక్షన్‌లో ప్రభుత్వం ఏర్పాట్లు చేయొచ్చు అన్నారే గానీ చేయాలి అనలేదు. టీచర్ ట్రైనింగ్ కోర్సులకి రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ 2014 నిబంధనల్లో ప్రీ స్కూల్ టీచర్‌కి రెండేళ్ల డిప్లొమా ఉంది, మన జిల్లాల్లో వీధి స్కూళ్లలో ఆ మాట విన్నవాళ్లు ఎంతమంది?

ప్రభుత్వం తీరూ అంతే. మెదడు ఎదుగుదలలో 85 శాతం పైగా 6 ఏళ్ల లోపే అయిపోతుందని 2020 జాతీయ విద్యావిధానంలో రాసింది వాళ్లే. ఇంటర్ పైన చదివిన అంగన్‌వాడీ టీచర్లకి 6 నెలల సర్టిఫికెట్, తక్కువ చదివినవాళ్లకి ఏడాది డిప్లొమా ఇప్పిస్తామన్నదీ వాళ్లే. 2023లో పోషణ్ భీ పఢాయీ భీ, అంటే పోషణా చదువూ రెండూ అని మొదలుపెట్టి చేతిలో పెట్టింది మూడు రోజుల ట్రైనింగ్. గౌరవ వేతనం 11,500 చాలట్లేదని 2023 డిసెంబర్‌లో మన రాష్ట్ర అంగన్‌వాడీలు సమ్మెకి దిగితే అత్యవసర సేవల చట్టం, అదే ఎస్మా, పెట్టారు, అంటే అత్యవసరం అని ఒప్పుకున్నట్టేగా, మరి చదువు దగ్గరికొచ్చేసరికి పిల్లకాయలే కదా. సర్కారే మూడు రోజులతో సరిపెడితే స్తంభం మీద నెల రోజులు అని రాసినవాణ్ణి ఏ మొహంతో అడుగుతారు?

ఇచ్చే జీతానికి డిప్లొమా వాళ్లు దొరకరని చిన్న స్కూళ్ల యాజమాన్యాలు అంటాయి, కొంత నిజమే. కానీ ఎల్‌కేజీ ఫీజు కట్టించుకునేటప్పుడు మాత్రం ట్రైన్డ్ స్టాఫ్ అని బ్రోచర్‌లో వేస్తున్నారు కదా, దొరకనిది ఎక్కడి నుంచి వచ్చింది?

డీఈఓ గారూ, ఐసీడీఎస్ పీడీ గారూ, ఆ పాంప్లెట్ల మీద ఫోన్ నంబర్లు ఉన్నాయి, మీ ఆఫీసు నుంచి ఒక్క కాల్ చాలు. గుర్తింపు రెన్యువల్‌కి వచ్చిన ప్రతి స్కూల్లో ఎల్‌కేజీ గదిలోకి వెళ్లి, అమ్మా నువ్వు ఎక్కడ చదివావు, ఎంతమంది పిల్లల దగ్గర ప్రాక్టీస్ చేశావు అని అడగండి. స్కూలు బస్సు నడిపేవాడికి లైసెన్స్ ఉండాల్సిందే అంటారు, ఆ బస్సు దిగిన పిల్లని రోజంతా ఎవరి చేతిలో పెడుతున్నారో చూడటానికి మీకు తీరిక లేదా?