జతూరా కాపీ సినిమా అట!

ఒళ్ళు మండిపోయి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

పిల్లలకి సెలవు కదా అని, వాళ్ళ చేతుల్లోంచి ఫోన్లు లాక్కుని, బతిమాలి, బెదిరించి, పాప్‌కార్న్ లంచమిచ్చి ‘జతూరా’ పెట్టాను. 2005లో వచ్చిన హాలీవుడ్ సినిమా. అందులో బేస్‌మెంట్‌లో దొరికిన పాత రేకు ఆట ఒకటి ఉంటుంది. తాళంచెవి తిప్పి బటన్ నొక్కితే బొమ్మ దానంతటదే కటకటా నడుస్తుంది, ఆగిన చోట ఒక కార్డు బయటికి తోస్తుంది. మొదటి కార్డు మీద ‘ఉల్కల వాన’ అని ఉంటుంది. ఇంకేముంది, హాల్లో కప్పు చిల్లులు పడుతుంది. తలుపు తీసి చూస్తే వీధి లేదు, ఇల్లు ఇల్లంతా అంతరిక్షంలో తేలుతోంది. మా చిన్నది అంతసేపూ సోఫాలో తలకిందులుగా వేలాడుతున్నదల్లా దిగి, టీవీకి మూరెడు దూరంలో బాసింపట్టు వేసుకుని కూర్చుంది. అబ్బ, నా జన్మ ధన్యం అనుకున్నా.

సరిగ్గా అప్పుడే దిగాడు మా తమ్ముడు. రెండో చెప్పు ఇంకా కాలికే ఉంది, అప్పుడే తీర్పు. “ఇది జుమాంజీకి కాపీ కదే అక్కా! గ్రాఫిక్స్ కూడా పాతవి. ఉండు, రాక్‌ది పెడతా.” అంటే కండల హీరో ‘రాక్’ డ్వేన్ జాన్సన్ ఉన్న కొత్త జుమాంజీ. రిమోట్ వాడి చేతిలోకి వెళ్ళిపోయింది. ఇల్లు నాది, టీవీ నాది, నెలనెలా ఓటీటీకి డబ్బు కట్టేది నేను. పిల్లలేమో మామయ్యా మామయ్యా అని వాడి మీద ఎక్కేశారు. ద్రోహులు.

కాపీ ఏంట్రా? రెండు పుస్తకాలూ రాసిందీ బొమ్మలేసిందీ ఒకే మనిషి, క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్. ఆటలోని అడవి ఇంట్లోకి ఊడిపడే జుమాంజీ 1981లో వచ్చింది. ఆ కథ చివర్లో ఆట పెట్టె ఎత్తుకుని ఇద్దరు అన్నదమ్ములు పరిగెడుతూ కనిపిస్తారే, వాల్టర్, డానీ అని, 2002లో వచ్చిన జతూరా వాళ్ళిద్దరి కథే. ఒకే అమ్మ కడుపున పుట్టిన ఇద్దరిలో రెండోవాణ్ణి కాపీ అంటామా? అంటామంటే చెప్పండి, మా ఇంట్లో ఒకడున్నాడు.

పాత జుమాంజీ అంటే నాకేం కోపం లేదు. 1995 నాటి ఆ సినిమాలో ఇరవయ్యారేళ్ళు అడవిలో ఉండిపోయి, ఆకులు కట్టుకుని గడ్డంతో ఊడిపడే రాబిన్ విలియమ్స్‌ని చూసి ఇప్పటికీ నవ్వుతాను, ఆ నవ్వులోనే ఏడుపూ వస్తుంది. వాణ్ణి తరిమే వేటగాడూ, చిన్నప్పుడు వాణ్ణి దండించిన తండ్రీ ఇద్దరూ ఒకే నటుడు, జొనాథన్ హైడ్. ఇది పిల్లలు పట్టుకోరు, మనకి పట్టుకుంటుంది. నా బాధంతా 2017 నాటి రాక్ జుమాంజీతోనే. పాచికల ఆటని వీడియో గేమ్ చేసేశారు, సరే. అక్కా తమ్ముడూ ఎగిరిపోయారు, వాళ్ళ చోట స్కూల్లో పనిష్‌మెంట్ పడ్డ నలుగురు వచ్చారు. ఒక్కొక్కరికి మూడేసి ప్రాణాలు. హిప్పో మింగేసినా ఫరవాలేదు, పైనుంచి మళ్ళీ పడతారు. ఇంక భయమెందుకు? మా పెద్దాడు ఆ సినిమా సగం సేపు ఫ్రిజ్ దగ్గరే ఉన్నాడు.

జతూరా గ్రాఫిక్స్ పాతవట. నాయనా, అందులో చాలావరకు గ్రాఫిక్సే కాదు. దర్శకుడు జాన్ ఫావ్రో పట్టుబట్టి సెట్టు వేయించి, దాన్నే ఊపించి, చితక్కొట్టించాడు. అందులో వచ్చే ఆ బల్లి మొహం గ్రహాంతరవాసులు, జోర్గాన్లు, స్టాన్ విన్‌స్టన్ స్టూడియో వాళ్ళు చేసిన వేషాలు. అందుకే ఆ పిల్లల మొహాల్లో భయం భయంలా ఉంటుంది. ఇంతా చేసి ఇదే ఫావ్రో 2008లో ఐరన్ మ్యాన్ తీశాడు. మా తమ్ముడు ఐరన్ మ్యాన్ బొమ్మున్న టీషర్టు వేసుకునే ఈ తీర్పిచ్చాడండీ. దేవుడున్నాడు, కాకపోతే రిమోట్ ఆయన చేతిలో లేదు.

“అంత గొప్పదైతే ఆడాలిగా” అన్నాడు. ఆడలేదు, నిజమే. 6.5 కోట్ల డాలర్లు పెడితే దాదాపు అంతే వచ్చింది, ప్రచారం ఖర్చు మీద పడింది. సరిగ్గా వారానికి హ్యారీ పాటర్ నాలుగోది దిగితే పాపం ఏం ఆడుతుంది? సంక్రాంతికి చిన్న సినిమాకి థియేటర్లు దొరక్కపోతే అది చెత్త సినిమా అయిపోతుందా? అయినా మనకెందుకులెండి ఈ పిల్లల సినిమాల గొడవ. మన దగ్గర పోస్టర్ మీద ‘కుటుంబ సమేతంగా చూడదగ్గ చిత్రం’ అని వేస్తే, లోపల నలభై మందిని నరకడం, ఒక ఐటం సాంగ్, చివర్లో హీరో అమ్మ కాళ్ళకి దణ్ణం. కుటుంబం అంటే ఆ దణ్ణమే కాబోలు.

అసలు నన్ను కాల్చేసింది కాపీ అన్న మాట కూడా కాదు. వాడు జతూరా ఆపేసింది ఏ సీను ముందో తెలుసా? డానీ, అంటే చిన్నోడు, ఆటలో మోసం చేస్తాడు. తన బొమ్మని చేత్తో ముందుకి జరిపేస్తాడు. పెద్దాడు వాల్టర్ చూసి పట్టుకుని, దాన్ని వెనక్కి పెట్టబోతాడు. ఆట ఏం చేస్తుంది? మోసం చేస్తున్నావని పెద్దాణ్ణి ఇంట్లోంచి అంతరిక్షంలోకి ఈడ్చి పారేస్తుంది! తప్పు చిన్నోడిది, శిక్ష పెద్దోడికి. ఇంట్లో పెద్ద పిల్లలుగా పుట్టినవాళ్ళెవరైనా ఈ సీను చూసి కుర్చీలో కుదురుగా కూర్చోగలరా? ఇంకా ఉంది, చివరికి ఆట గెలిచేది కూడా ఆ చిన్నోడే. ఇక వాళ్ళకో అక్క ఉంటుంది, క్రిస్టెన్ స్టూవర్ట్, ట్వైలైట్‌కి ముందు. నాన్న ఆఫీసుకి పోతూ వీళ్ళని చూస్తూ ఉండమంటాడు. ఆ పిల్లని బాత్రూంలో గడ్డకట్టించి కొన్ని వంతులపాటు పడుకోబెడుతుంది ఆట. చూసినప్పుడల్లా ఎంత అదృష్టం తల్లీ అనుకుంటా.

మా ఇంట్లో వైకుంఠపాళి ఆడేవాళ్ళం. నేను మంచినీళ్ళకి లేచి వచ్చేసరికి పెద్ద పాము కింద ఉండాల్సిన వీడి చింతపిక్క పై వరుసలో ఉండేది. గవ్వ అలా పడిందన్నాడు. నేను పిక్క వెనక్కి పెట్టాను, వాడు రాగం తీశాడు, అమ్మ వంటింట్లోంచి అట్లకాడతో వచ్చి ఎవరికి తగిలించిందో చెప్పక్కర్లేదు. “పోనీలేవే, చిన్నవాడు కదా.” ఈ ఒక్క ముక్కతో నా సైకిల్ వాడిదైంది, కిటికీ పక్క సీటు వాడిదైంది, పదో తరగతిలో నాకు ట్యూషన్‌కి డబ్బుల్లేవన్నవాళ్ళే డొనేషన్ కట్టి మరీ వాణ్ణి ఇంజినీరింగ్‌లో చేర్చారు. ఇవాళ కూడా రిమోట్ ఇవ్వరా అంటే, సోఫాలో మల్లెపూలు కడుతున్న మా అమ్మ తలెత్తకుండానే అదే మాట. చిన్నవాడట! బీపీ మాత్ర వేసుకుంటాడండీ ఆ చిన్నవాడు!

ఆ సినిమాలో ఒక వ్యోమగామి ఉంటాడు, చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి. అతనూ ఒకప్పుడు తమ్ముడితో ఇదే ఆట ఆడినవాడే. కోరిక కోరుకునే కార్డు వస్తే, కోపంలో తమ్ముడు అసలు పుట్టకుండా ఉంటే బాగుండు అని కోరుకున్నాడు. తమ్ముడు మాయం, ఆట మధ్యలో ఆగిపోయింది, రెండో ఆటగాడు లేక పదిహేనేళ్ళు అక్కడే తిరుగుతున్నాడు. ఈ సీను వచ్చినప్పుడు పిల్లల మొహాలు చూడాలనే నేను ఇంత తిప్పలు పడ్డది. మా పెద్దాడు చెల్లెల్ని రోజుకి పదిసార్లు ‘నువ్వెందుకు పుట్టావే’ అంటాడు. వాడు చూడాల్సింది ఇది. దానికి బదులు వాడు రాక్ కండలు చూశాడు, అన్నం దగ్గర చొక్కా పైకి లాగి కండలు చూపించాడు కూడా.

నేను మటుకు అలాంటి కార్డు వస్తే వీణ్ణి మాయం చేయమని అడగను. నన్ను చిన్నదాన్ని చేయమని అడుగుతా, ఒక్క పూట చాలు. ఆ సైకిల్ తొక్కాలి.

కామెంట్లలో ‘పోనీలేండి, తమ్ముడే కదా’ అని రాయబోయేవాళ్ళకి ముందే దణ్ణం. మీరు కచ్చితంగా మీ ఇంట్లో చిన్నవాళ్ళే. మా వాడు కూడా ఇది చదువుతాడు, ఇక్కడ కిక్కురుమనడు. తిన్నగా అమ్మకి ఫోన్ చేస్తాడు.