ప్రధాన కార్యదర్శి పక్క కుర్చీ: సంఘాలు గుర్తించని ఉద్యోగం

ఏటా ఏప్రిల్ 30వ తేదీలోగా కార్మిక సంఘం యాజమాన్యానికి ఒక ఉత్తరం ఇవ్వాలి. తమ ఆఫీసు బేరర్లలో ఎవరెవరిని రక్షిత కార్మికులుగా గుర్తించాలో పేర్లు, చిరునామాలతో తెలియజేసే ఉత్తరం అది. పారిశ్రామిక వివాదాల చట్టం కింద కేంద్ర నిబంధనలు దశాబ్దాల పాటు కోరినది ఇదే. ఆ జాబితాలోకి ఎక్కిన నాయకుడిని, ఏదైనా వివాదం అధికారి ముందు నడుస్తున్నంత కాలం, ఆ అధికారి లిఖితపూర్వక అనుమతి లేకుండా యాజమాన్యం తొలగించడానికి గానీ శిక్షించడానికి గానీ వీల్లేదు. కొత్త లేబర్ కోడ్‌లోనూ రక్షిత కార్మికుడికి ఆ రక్షణ కొనసాగింది. అయితే ఏప్రిల్ 30 అంటే మే డే ముందు రోజు. విశాఖలోని ఏ పెద్ద సంఘంలోనైనా ఆ వారమంతా ప్రధాన కార్యదర్శి గేటు దగ్గర జెండా ఆవిష్కరణలు, ప్రదర్శన ఏర్పాట్లు, వక్తల జాబితాలతో తలమునకలై ఉంటారు. ఉత్తరం సంగతి గుర్తుపెట్టుకుని, ముసాయిదా రాసి, సంతకం చేయించి, ఆఫీసులో ఇచ్చి, రెండో ప్రతి మీద అందినట్టు ముద్ర వేయించుకుని ఫైల్లో పెట్టేది మరొకరు. ఆ మరొకరు ఒక్క ఏడాది మరిచిపోతే, ఆరు నెలల తర్వాత ఎవరో ఒక నాయకుడి ఉద్యోగం మీదికి వస్తుంది.

ఆ మరొకరి గురించే ఈ వ్యాసం. కొన్ని సంఘాల్లో ఆయన్ను ఆఫీసు కార్యదర్శి అంటారు, కొన్నిచోట్ల ఆవిడ పేరుతోనే పిలుస్తారు, హోదా ఏమీ ఉండదు. ప్రధాన కార్యదర్శి రోజువారీ కార్యక్రమం, ఉత్తర ప్రత్యుత్తరాలు, కార్యవర్గ సమావేశాల ఎజెండా, మినిట్స్, చర్చలకు కావలసిన లెక్కలు, న్యాయవాదితో సంప్రదింపులు, అనుబంధ కేంద్ర సంఘానికి పంపవలసిన నివేదికలు అన్నీ ఆ ఒక్క బల్ల మీదుగానే వెళతాయి. నాయకత్వానికి నేరుగా తోడ్పడే ఈ బాధ్యతను సంఘాలు ఇప్పటికీ ఎవరో ఒక నమ్మకస్తుడు చేసిపెట్టే సాయంగానే చూస్తున్నాయి. దీన్ని నియామక పత్రం, జీతం, హద్దులు ఉన్న సిసలైన ఉద్యోగంగా మార్చవలసిన సమయం వచ్చిందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సమయం వచ్చిందనడానికి మొదటి కారణం చట్టమే. 2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటిని కేంద్ర కార్మిక సంఘాల్లో అత్యధికం వ్యతిరేకిస్తున్నాయి, ఆ వ్యతిరేకతకు బలమైన కారణాలే ఉన్నాయి. వ్యతిరేకిస్తూనే ఆ చట్టం కింద ప్రతిరోజూ పని చేయక తప్పని స్థితి సంఘాలది. ఇంతకు ముందు ప్రజోపయోగ సేవల్లో మాత్రమే ముందస్తు సమ్మె నోటీసు తప్పనిసరి. పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని ప్రతి పారిశ్రామిక సంస్థకూ వర్తింపజేసింది. నోటీసు ఇచ్చాక 14 రోజులు ఆగాలి, 60 రోజుల లోపే సమ్మెకు దిగాలి, రాజీ చర్చలు నడుస్తున్నప్పుడు, అవి ముగిశాక 7 రోజుల వరకు దిగకూడదు. సగం మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఒకే రోజు మూకుమ్మడిగా క్యాజువల్ సెలవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. ఈ తేదీల లెక్కలో ఒక్క రోజు తేడా వచ్చినా న్యాయమైన సమ్మె చట్టవిరుద్ధమైపోతుంది, జీతాల కోతతో పాటు శిక్షలూ వచ్చిపడతాయి. అలాగే, ఒకటికి మించి సంఘాలున్న చోట, మస్టర్ రోల్‌లో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం మంది మద్దతు ఉన్న సంఘానికే యాజమాన్యంతో చర్చించే ఏకైక సంఘం హోదా దక్కుతుంది. అది ఎవరికీ లేకపోతే 20 శాతం చొప్పున బలమున్న సంఘాలతో చర్చల మండలి ఏర్పడుతుంది. కాబట్టి సభ్యత్వ రిజిస్టరు ఎంత శుభ్రంగా ఉందన్నది ఇక ఆఫీసు విషయం కాదు, సంఘం బతుకు విషయం.

ఈ పని ఎంత సున్నితమైనదో ఒక ఒప్పందం కాగితంలో చూడవచ్చు. పాత చట్టం సెక్షన్ల పేర్లతో మన సంఘాల వాళ్లు ఇప్పటికీ 18(1) ఒప్పందం, 12(3) ఒప్పందం అని మాట్లాడుకుంటారు. యాజమాన్యం, సంఘం తమలో తాము సంతకాలు చేసుకున్నది మొదటిది. అది సంతకం చేసిన పక్షాలకే వర్తిస్తుంది. ఇరుపక్షాల మధ్య రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి, అంటే రాజీ అధికారి సమక్షంలో కుదిరినది రెండోది. అది ఆ సంస్థలో పనిచేసే కార్మికులందరికీ, వేరే సంఘం సభ్యులకూ, ఆ తర్వాత చేరబోయేవారికీ వర్తిస్తుంది. రాత్రి పదకొండు గంటలకు, మూడు విడతల చర్చలతో అలసిపోయిన నాయకుల ముందుకు టైపు చేసిన ముసాయిదా వస్తుంది. అంకెలన్నీ సరిగానే ఉంటాయి. కానీ రాజీ అధికారి ప్రస్తావన ఉండవలసిన వాక్యం మొదటి పేజీలో లేదు. లేదా అమలు తేదీ దగ్గర పాత బకాయిల మాట జారిపోయింది. లేదా అనుబంధంలో చేర్చాల్సిన కేటగిరీల జాబితాలో ఒక విభాగం కనిపించడం లేదు. దాన్ని పట్టుకోగలిగింది గత ఒప్పందాన్ని పక్కన పెట్టుకుని వాక్యం తర్వాత వాక్యం పోల్చి చూసే మనిషే. సంతకం పెట్టే వారికి ఆ సమయంలో అంత ఓపిక ఉండదు, ఉండాలని కోరడమూ న్యాయం కాదు.

మరో సందర్భం ఇంకా బరువైనది. విశాఖ పారిశ్రామిక ప్రాంతానికి ప్రమాదాలు కొత్త కాదు. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి వెలువడిన విషవాయువు, అదే ఏడాది ఆగస్టు 1న హిందూస్థాన్ షిప్‌యార్డులో క్రేను కూలి 11 మంది మరణించడం ఈ నగరం మరిచిపోలేదు. ఇలాంటి రోజున నాయకుడు గేటు దగ్గర ఉండాలి, మార్చురీ దగ్గర కుటుంబంతో నిలబడాలి, అధికారులతో గొంతు పెంచి మాట్లాడాలి. అదే సమయంలో సంఘం ఆఫీసులో ఒకరు కూర్చుని, చనిపోయిన వ్యక్తి ఏ కాంట్రాక్టరు కింద ఉన్నాడు, గేటు పాసు ఏ పేరుతో ఉంది, ఈఎస్‌ఐ నంబరు ఉందా, పీఎఫ్‌లో నామినీగా ఎవరి పేరు రాశాడు అన్నవి వెతకాలి. ఈఎస్‌ఐ వర్తిస్తే ఆశ్రితులకు సగటు వేతనంలో 90 శాతం చొప్పున నెలనెలా వస్తుంది. వర్తించకపోతే యజమాని మీద నష్టపరిహారం క్లెయిము దారి వేరు. ఎఫ్‌ఐఆర్‌లో ప్రమాదం పనిస్థలంలో, పనివేళలో జరిగిందని స్పష్టంగా ఉందో లేదో ఆ సాయంత్రమే చూసుకోకపోతే, రెండేళ్ల తర్వాత ఆ కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాలి. గేటు దగ్గర వినిపించిన నినాదానికి, ఆ ఇంటికి చేరే డబ్బుకు మధ్య వంతెన ఈ కాగితాలే.

విశాఖ ఉక్కు పోరాటాన్ని కూడా ఈ కోణంలో చూడవలసి ఉంది. 32 మంది ప్రాణాలర్పించిన ఉద్యమ ఫలితంగా వచ్చిన కర్మాగారంలో నూరు శాతం వాటాల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ 2021 జనవరి 27న సూత్రప్రాయంగా ఆమోదం తెలిపింది. ఆ తర్వాతి నెలలో కూర్మన్నపాలెంలో మొదలైన రిలే నిరాహార దీక్షలు వెయ్యి రోజులు దాటి సాగాయి. వేర్వేరు కేంద్ర సంఘాలకు, వేర్వేరు పార్టీలకు అనుబంధంగా ఉన్న సంఘాలు ఒకే పోరాట కమిటీగా అన్నాళ్లు కలిసి నిలవడం గొప్ప సంగతి. అది ఉపన్యాసాల వల్ల మాత్రమే సాధ్యపడలేదు. ఏ రోజు ఏ విభాగం వారు శిబిరంలో కూర్చోవాలి, వారిలో షిఫ్టు ఉన్నవారెవరు, సంఘీభావం తెలపడానికి వచ్చే వారికి సమయం ఎలా సర్దాలి, ఉమ్మడి ప్రకటనలో ఏ సంఘం పేరు ఏ వరుసలో రాయాలి అన్నవన్నీ ప్రతిరోజూ ఎవరో తేల్చితేనే శిబిరం మరునాడు తెరుచుకుంటుంది. (పేర్ల వరుస చిన్న విషయమనుకునేవారు ఐక్య కార్యాచరణ సమావేశంలో ఒక్కసారి కూర్చుని చూడాలి.) 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ వెనుక ఎన్నో కారణాలు ఉండవచ్చు, కానీ ఆ శిబిరం అంతకాలం నిలవడం వాటిలో ఒకటని నేను భావిస్తాను. అంతకాలం నిలబెట్టిన వారిలో కార్యవర్గం జాబితాలో పేరు లేనివారు చాలామంది.

ఇంతవరకు చెప్పింది ఈ పని విలువ గురించి. దీనిలో ఉన్న ప్రమాదం గురించి కూడా అంతే నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. నాయకుడి సమయం ఎవరికి దొరకాలో నిర్ణయించే వ్యక్తి, ఎన్నిక కాకుండానే అధికారం చేతికి తీసుకున్నట్టే. అగనంపూడి నుంచో పెందుర్తి నుంచో వచ్చిన కాంట్రాక్టు కార్మికుడికి ‘సార్ మీటింగులో ఉన్నారు, రేపు రండి’ అన్న మాట రెండుసార్లు వినిపిస్తే మూడోసారి రాడు. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి అతను. అదే పర్మనెంటు ఉద్యోగి, పైగా పాత పరిచయస్తుడు అయితే తలుపు వెంటనే తెరుచుకుంటుంది. ఎజెండాలో ఏ అంశం ముందు రావాలి, ఏ ఉత్తరం ఈ రోజు నాయకుడి కంటపడాలి, మినిట్స్‌లో అసమ్మతిని ఎన్ని వాక్యాల్లో నమోదు చేయాలి అన్నవి పైకి గుమాస్తా పనుల్లా కనిపించినా సంఘం దిశను మార్చగలిగినవి. కాంట్రాక్టు కార్మికుల గోడు నాయకత్వానికి ఆలస్యంగా చేరుతోందన్న ఫిర్యాదుకు మూలం చాలాసార్లు సిద్ధాంతంలో కాదు, ఈ బల్ల దగ్గరే ఉంటుంది.

వర్గ విభేదాలు వచ్చినప్పుడు ఇది మరింత బయటపడుతుంది. సంఘం చీలితే మొదటి తగాదా ఆఫీసు తాళాలు, సీలు, సభ్యత్వ రిజిస్టరు, చెక్కుబుక్కుల మీద. ఇవి ఎవరి స్వాధీనంలో ఉన్నాయో వారిదే అసలు సంఘమని రిజిస్ట్రారు ముందు వాదన నడుస్తుంది. ఆఫీసు చూసే వ్యక్తి ఒక నాయకుడి మనిషిగా వచ్చి ఉంటే, ఆ నాయకుడితో పాటు ఫైళ్లూ వెళ్లిపోతాయి. ఇరవై ఏళ్ల ఒప్పందాలు, రాజీ చర్చల రికార్డులు, కేసుల కాగితాలు ఎవరో ఒకరి ఇంటి అటక మీద చేరతాయి. కొత్త కార్యవర్గం యాజమాన్యం దగ్గరున్న ప్రతుల మీద ఆధారపడి చర్చలకు వెళ్లడం కంటే బలహీనమైన స్థితి ఇంకేముంటుంది?

బ్రిటన్‌లో పెద్ద సంఘాలు ఈ సమస్యను వేరే విధంగా పరిష్కరించుకున్నాయి. 1993లో మూడు సంఘాల విలీనంతో ఏర్పడిన యూనిసన్‌లో పదమూడు లక్షలకు పైగా సభ్యులున్నారు. అలాంటి సంఘాల్లో ప్రధాన కార్యదర్శి కార్యాలయంలోని సహాయక పదవికి బహిరంగ ప్రకటన ఇస్తారు, అర్హతలు, బాధ్యతలు, జీతం రాసి ఉంటాయి. ప్రధాన కార్యదర్శి కనీసం ఐదేళ్లకోసారి సభ్యుల ఓటుతో ఎన్నిక కావాలని అక్కడి చట్టం చెబుతుంది. నాయకుడు మారినా కార్యాలయం, రికార్డులు, అనుభవం మిగిలే ఏర్పాటు ఉంది. సంఘాల్లో పనిచేసే ఉద్యోగులకు మళ్లీ వారి తరఫున మాట్లాడే సంఘాలు ఉన్నాయి. అక్కడి పద్ధతిని మక్కీకి మక్కీ దించుకోమని నేను చెప్పడం లేదు. మన సంఘాల ఆదాయం, చందా, నిర్మాణం వేరు, ఉద్యమ సంప్రదాయం కూడా వేరు. కానీ సంఘం కూడా ఒక యజమానే అన్న సంగతిని వారు ఒప్పుకున్నారు. అది మనమింకా ఒప్పుకోలేదు.

కాంట్రాక్టు కార్మికుడికి కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్‌ఐ, వారపు సెలవు కావాలని గేటు దగ్గర గొంతెత్తే సంఘం, తన ఆఫీసులో పదిహేనేళ్లుగా పనిచేస్తున్న మనిషికి గౌరవ వేతనం పేరుతో చేతిలో కొంత పెట్టి పంపడం నాకు బాధ కలిగిస్తుంది. నియామక పత్రం ఉండదు, సెలవు లెక్క ఉండదు, రిటైరయ్యాక ఏమిటన్న ప్రశ్నకు జవాబు ఉండదు. ఆ మనిషి స్త్రీ అయితే, రాత్రి వరకు సాగే చర్చల మినిట్స్ ఆవిడే రాస్తారు, మరునాటి ఫొటోలో మాత్రం కనిపించరు. నిధుల కొరత నిజమే. అయినా సంఘం సాధారణ నిధిని పరిపాలనా ఖర్చులకు వాడుకోవచ్చని 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టమే చెప్పింది. మహాసభ వేదిక, ఫ్లెక్సీలు, వాహనాలకు ఖర్చు పెట్టగలిగిన పెద్ద సంఘం ఒక జీతం ఇవ్వలేననడం నమ్మశక్యంగా లేదు.

దీనికి ఉద్యమంలో ఉన్న సీనియర్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది. జీతగాళ్లతో సంఘం నడిస్తే త్యాగభావం పోయి ఆఫీసుతనం వస్తుందని, పూర్తికాలం కార్యకర్త ఉండవలసిన చోట ఉద్యోగి కూర్చుంటాడని వారి భయం. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. కార్యకర్తకు కార్మికుల బస్తీ తెలుసు, ఎవరి ఇంట్లో ఏ కష్టం ఉందో తెలుసు, అర్ధరాత్రి ఫోను చేసినా లేస్తాడు. ఆ గుణం ప్రకటన ఇచ్చి తెచ్చుకునేది కాదు. అయితే కార్యకర్తనే ఆ పదవిలో నియమించి, సరైన జీతం, విధుల జాబితా ఇవ్వడానికి అడ్డేముంది? త్యాగం చేసే మనిషికి జీతం ఇస్తే త్యాగం తగ్గిపోదు. ఆయన పిల్లల చదువు ఆగకుండా ఉంటుంది, అంతే.

ఎవరూ కొత్త చట్టం తేనవసరం లేదు. రాబోయే సర్వసభ్య సమావేశంలో నిబంధనావళికి చిన్న సవరణ చాలు. ఈ పదవిని కార్యవర్గం మొత్తం నియమించాలి, ఒక్క నాయకుడి ఇష్టానికి వదలకూడదు. తొలగింపు కూడా కారణం చెప్పి, ఆ వ్యక్తి వాదన విన్నాకే జరగాలి. పదవిలో ఉన్నంతకాలం ఆ వ్యక్తి సంఘం అంతర్గత ఎన్నికల్లో ఏ ప్యానెల్ తరఫునా ప్రచారం చేయకూడదు. ఒప్పందాలు, సమ్మె నోటీసులు, అందిన ముద్రలున్న ప్రతులు అన్నింటినీ స్కాన్ చేసి సంఘం పేరిట ఉన్న ఖాతాలో భద్రపరచాలి. ఆ ఖాతా పాస్‌వర్డు ఒకరి ఫోనులో కాకుండా అధ్యక్షుడు, కోశాధికారి సహా కనీసం ముగ్గురి దగ్గర ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా, నాయకుడిని కలవడానికి వచ్చిన ప్రతివారి పేరు, విభాగం, పని, ఎప్పుడు కలిశారన్న వివరాలతో ఒక పుస్తకం ఉంచి, ప్రతి కార్యవర్గ సమావేశంలో బల్ల మీద పెట్టాలి. ఆ పుస్తకంలో కాంట్రాక్టు కార్మికుల పేర్లకు ఎదురుగా ఎన్ని గళ్లు ఖాళీగా ఉన్నాయో కార్యవర్గ సభ్యులే లెక్కపెట్టుకోవాలి, ఎందుకు ఖాళీగా ఉన్నాయో ప్రధాన కార్యదర్శే సమాధానం చెప్పాలి.