క్యారమ్ నియమావళిలో మామయ్య ప్రస్తావన లేకపోవడం గురించి

అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో చెన్నైలో పుట్టింది. దాని నియమావళి చదివితే రాసినవాళ్ల ఓపికకు దండం పెట్టాలనిపిస్తుంది. ఆడే చదరం పక్క కొలత 73.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 74 దాటకూడదు. పలక మందం కనీసం 8 మిల్లీమీటర్లు ఉండాలి. కాయ బరువు 5 గ్రాములు, మహా అయితే 5.5. స్ట్రైకర్ 15 గ్రాములు మించరాదు, లోహంతో చేసింది పనికిరాదు. స్టాండు ఎత్తు, నెత్తిమీద వేలాడే దీపం, షాటుకు ఇచ్చే సెకన్లు, దేన్నీ వదల్లేదు. ఇంత శ్రమపడిన పెద్దలు ఒక్క సంగతి మాత్రం ఎక్కడా తేల్చలేదు. బోర్డు ఎవరిది?

మన ఇళ్లల్లో క్యారమ్ ఆటకు మూలసూత్రం అదే. బోర్డు మామయ్యది అయితే, మామయ్య వేలు జారి స్ట్రైకర్ జానెడు దూరం వెళ్లి ఆగితే అది షాటు కాదు, "చెయ్యి తగిలింది". అదే మేనల్లుడి వేలు జారితే షాటు అయిపోయినట్టే, స్ట్రైకర్ అవతలివాళ్లకి ఇవ్వాలి. రెండు సందర్భాల్లోనూ స్ట్రైకర్ వెళ్లిన దూరం ఒకటే. తేడా బోర్డు కొన్న రసీదులో ఉంది. 1996లో క్యారమ్‌కు అర్జున అవార్డు అందుకున్న మరియ ఇరుదయం గారే స్వయంగా వచ్చి చాప మీద కూర్చున్నా, రెండో షాటుకల్లా "మా ఇంట్లో అలా కాదండీ" అనే మాట వినక తప్పదు. కాబట్టి నియమావళికి గృహ అనుబంధం ఒకటి చేర్చడం అత్యవసరం. అందుకు కావలసిన సామగ్రి ఇక్కడ సమర్పిస్తున్నాం.

ముందు పౌడర్ సంగతి. మిగతావన్నీ దీని తర్వాతే.

బోర్డు నునుపుకు సమాఖ్య ఒక పరీక్ష పెట్టింది. 15 గ్రాముల స్ట్రైకర్‌ను శక్తికొద్దీ ఎదుటి గోడకేసి కొడితే అది అటూ ఇటూ కలిపి కనీసం మూడున్నర సార్లు ప్రయాణించాలి. ఇంట్లో ఎవరైనా చేసి చూసుకోవచ్చు. వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది, సగం దాకా వచ్చి ఆగింది అంటే బోర్డు బాగున్నట్టు. రెండో ప్రయాణంలోనే నీరసపడితే కారణాలు నాలుగు ఉంటాయి: పలకకు చెమ్మ పట్టింది, దుమ్ము చేరింది, పాలిష్ పోయింది, లేదా నిరుడు వేసవి నుంచీ వేసిన పౌడరంతా పేరుకుపోయింది. గృహ శాస్త్రం ఈ నాలుగింటికీ ఒకే మందు రాస్తుంది. ఇంకాస్త పౌడర్ వెయ్యి.

వేస్తే ఏమవుతుంది? స్ట్రైకర్ తన ముందున్న పొడిని తోసుకుంటూ పోయి చెక్క గోడ దగ్గర గట్టు కడుతుంది. గట్టుకు తగిలిన కాయ వెనక్కి తిరిగి రాదు, అక్కడే కూలబడుతుంది. రీబౌండ్ షాటు పోయింది. రీబౌండ్ పోయింది కాబట్టి బోర్డు ఇంకా "పట్టేస్తోంది". పట్టేస్తోంది కాబట్టి ఇంకాస్త పౌడర్. చివరికి గీతలు కనబడక, స్ట్రైకర్ ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్లను అడిగి పెట్టుకునే దశ వస్తుంది. చాలా ఇళ్లల్లో యజమాని గెలుపులు ఈ దశలోనే మొదలవుతాయి.

నిజానికి చెయ్యాల్సింది తక్కువే. పొడి నూలు గుడ్డతో, పాత పంచె ముక్కయితే శ్రేష్ఠం, బోర్డంతా మూలల దాకా తుడవాలి. తడిగుడ్డ ముట్టించకూడదు. రెండు వేళ్ల మధ్య పట్టినంత బోరిక్ పౌడర్ నడుమ చల్లి, అరచేత్తో గుండ్రంగా పరిచి, ఎక్కువైంది దులిపెయ్యాలి. చేతికి నునుపు తెలియాలి, కంటికి తెలుపు కనబడకూడదు. బోరిక్ ఆమ్లం స్ఫటికాలు పొరలు పొరలుగా ఉంటాయి, ఆ పొరలు ఒకదానిమీద ఒకటి జారతాయి. పని చేసేది అదే, డబ్బా బరువు కాదు.

ఇక ప్రత్యామ్నాయాలు. ముఖానికి రాసుకునే పౌడర్ వేస్తారు. వేళ్ల చెమట తగిలేసరికి అది సన్నటి పూతలా అతుక్కుపోతుంది, ఇల్లంతా మల్లెల వాసన వస్తుంది, కాయ మాత్రం కదలదు. మైదాపిండి వేస్తారు. వర్షాకాలం సాయంత్రానికి అది చెమ్మ పీల్చుకుని పోస్టర్లు అంటించే జిగురు దగ్గరకు వస్తుంది. బియ్యప్పిండి వేసిన బోర్డును మర్నాడు తెరిస్తే చీమలు డబుల్స్ ఆడుతుంటాయి. ముగ్గుపిండి వేసిన కుటుంబాలూ ఉన్నాయి. ఆ రాతిపొడి పాలిష్‌ను గీకి పారేస్తుంది. ఆ కుటుంబాల గురించి ఇంతకన్నా చెప్పడం మర్యాద కాదు.

మరొక మాట, ఇది మాత్రం నవ్వుతాలుకు కాదు. బొద్దింకల కోసం వంటింటి మూలల్లో పెట్టేది ఈ బోరిక్ పౌడరునే. దాన్ని పాకే పిల్లలకు అందనివ్వకూడదు. క్యారమ్ మధ్యలో మిరపకాయ బజ్జీలు రావడం మన ఆచారం కనుక, ప్లేటు ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. ఈ నిబంధనకు యజమానికి కూడా మినహాయింపు లేదు.

పౌడర్‌తో పాటే పుట్టిన వివాదం ఫ్యాను. తిరిగితే పొడి ఎగిరి మంచం మీద నాయనమ్మ ముక్కులో పడుతుంది. ఆపితే నాయనమ్మకు ఉక్కపోస్తుంది. ఆటగాళ్ల హక్కుకూ నాయనమ్మ హక్కుకూ మధ్య సమతూకం ఎలా అన్నది ఇంకా ఏ ఇంట్లోనూ తేలలేదు. చల్లేటప్పుడు ఆపి, పరిచాక వేసుకుంటే సరిపోతుంది. కానీ ఇంత సులువైన పరిష్కారం గొడవ ముగిస్తుంది కాబట్టి ఎవరూ ఒప్పుకోరు.

బోర్డు వాలు గురించి కూడా నియమావళి అమాయకంగా మాట్లాడుతుంది. అది స్టాండు మీద, 63 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో, సమతలంగా ఉండాలట. మన దగ్గర స్టాండు అంటే బోర్లించిన బకెట్టు, బియ్యం బస్తా, ప్లాస్టిక్ స్టూలు, ఇవేవీ దొరక్కపోతే నలుగురి మోకాళ్లు. బకెట్టు బోర్డును నడుమ మాత్రమే మోస్తుంది. ఎవరు మోచెయ్యి ఆనిస్తే అటు ఒరుగుతుంది. అందుకే అనుభవజ్ఞులు తమ షాటు వచ్చినప్పుడు వినయంగా ముందుకు వంగుతారు.

వాలు ఎవరి తప్పో తేల్చడానికి ఒక గోళీ చాలు. నడిమి వలయంలో గోళీ వదిలి ఎటు దొర్లిందో చూడాలి. తర్వాత బోర్డును పావు వంతు తిప్పి మళ్లీ వదలాలి. గోళీ రెండుసార్లూ గదిలో ఒకే గోడవైపు వెళితే తప్పు నేలది లేదా బకెట్టుది. అట్టముక్క మడిచి పెడితే పోతుంది. గదితో సంబంధం లేకుండా బోర్డులోని ఒకే బొక్కవైపు వెళితే పలకే వంగింది. ఈ పరీక్షకు బోర్డు యజమానులు అనుమతి ఇచ్చిన దాఖలాలు లేవు.

పలక వంగడానికి కారణం రహస్యమేమీ కాదు. ఆట అయ్యాక బీరువా వెనక ఏటవాలుగా ఆనించి వదిలేస్తారు. తడి గోడవైపున్న ముఖం చెమ్మ తాగి ఉబ్బుతుంది, రెండో ముఖం ఉబ్బదు, నడుమ పొట్ట వస్తుంది. బోర్డును పరుపు కిందో అటక మీదో పడుకోబెట్టాలి, లేదా మేకుకు నిటారుగా వేలాడదీయాలి. అటక మీద పెట్టినవాళ్లు దానిమీద ఆవకాయ జాడీ పెట్టకూడదని విడిగా చెప్పాల్సి వస్తోంది. నడిమి వలయానికి పక్కన కనబడే రెండో వలయం సమాఖ్య గీయించింది కాదు, టీ గ్లాసు గీసింది.

లెక్కల దగ్గరికి వద్దాం. సమాఖ్య ఆటలో గేము 25 పాయింట్లకు, లేదా ఎనిమిది బోర్డులు అయ్యేసరికి ఎవరు ముందుంటే వారికి. ఇక్కడ బోర్డు అంటే పలక కాదు, కాయలు పేర్చినప్పటి నుంచి ఒకరి కాయలన్నీ అయిపోయేదాకా సాగే ఒక విడత ఆట. బోర్డు గెలిచినవాడికి, అవతలివాడి కాయలు ఎన్ని మిగిలితే అన్ని పాయింట్లు. రెడ్, అంటే ఆ ఒక్క ఎర్రకాయ, కూడా తనదైతే మరో మూడు. అంటే ఒక బోర్డులో ఎంత విరగదీసినా 9 కాయలకు 9, రెడ్‌కు 3, మొత్తం 12. రెండు బోర్డులు అలాగే ఊడ్చేసినా 24 దగ్గర ఆగాలి. ఎంతటి వీరుడైనా మూడో బోర్డు ఆడి తీరాల్సిందే. గర్వభంగానికి ఆ ఒక్క పాయింటు అట్టిపెట్టినవాళ్లు తెలుగు సంయుక్త కుటుంబాన్ని దగ్గర్నుంచి చూసి ఉండాలి. పైగా 22కు చేరినవాడికి రెడ్ వేసినా ఆ మూడు పాయింట్లు రావు.

ఇళ్లల్లో ఈ పద్ధతి చెల్లదు. నలుపుకు 10, తెలుపుకు 20, రెడ్‌కు 50 అని ఒక మతం. నలుపుకు 5, తెలుపుకు 10, రెడ్‌కు 25 అని రెండో మతం. ఆడపడుచు అత్తవారింటి మతం, పుట్టింటి మతం వేరైనప్పుడు సంక్రాంతి సెలవులు రెండు రోజులు దీనికే పోతాయి. మొదటి లెక్కలో బోర్డు మొత్తం విలువ 90, 180, 50 కలిపి 320. రెండో లెక్కలో 45, 90, 25 కలిపి 160. సరిగ్గా సగం. ఎవరు ఏ లెక్కన ఆడినా గెలిచేవాడు మారడు. ఈ విషయం ఎనిమిదో తరగతి పిల్ల కాగితం మీద వేసి చూపిస్తే "పెద్దవాళ్ల మధ్య మాట్లాడకు" అని మందలించిన సందర్భాలున్నాయి.

రెడ్‌కు ఫాలో విషయంలో అన్ని ఇళ్లూ ఏకగ్రీవం: రెడ్ వేశాక వెంటనే తరవాతి షాటులో తన కాయ వెయ్యాలి, లేకపోతే రెడ్ మళ్లీ నడిమి వలయంలోకి. సిద్ధాంతం వరకే ఈ ఏకాభిప్రాయం. మామయ్య రెడ్ వేసి ఫాలో తప్పితే, స్ట్రైకర్ పెట్టిన చోట పౌడర్ ఉండ ఉందని తేలుతుంది. ఉండను అందరికీ చూపిస్తారు కూడా. ఒకే షాటులో రెడ్, కాయ రెండూ పడితే ఫాలో అయినట్టా కాదా అన్నది ఏ ఇంటి సంప్రదాయం ఆ ఇంటిది. సమాఖ్య మాత్రం అయినట్టే లెక్కిస్తుంది. ఈ వాక్యాన్ని కత్తిరించి బోర్డు వెనక అంటించుకోవచ్చు.

కూర్చునే తీరు మీద చట్టం కఠినం. కుర్చీ జరపకూడదు, లేవకూడదు. షాటుకు 15 సెకన్లు. పెట్టేటప్పుడు స్ట్రైకర్ తన ముందున్న రెండు గీతలనూ తాకాలి, మూలనున్న బాణం గీతను తాకకూడదు. చాప మీద ఈ నిబంధనలు ఒక విధంగా అమలవుతాయి: ఎవరూ కుర్చీ జరపరు, ఎందుకంటే కుర్చీ లేదు. కానీ పెదనాన్న కటింగ్ షాటు కోసం మోకాలి మీద లేచి, ఒక కన్ను మూసి, గడ్డం బోర్డు అంచుకు ఆనించి, తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరులా కొలుస్తుంటే 15 సెకన్లు ఎవరు లెక్కపెట్టాలి? లెక్కపెట్టినవాడికి రాత్రి పూతరేకుల్లో వాటా తగ్గుతుంది. బొటనవేలి షాటును సమాఖ్య అనుమతిస్తుంది, ఇళ్లు నిషేధిస్తాయి. నిషేధించేది ఎప్పుడూ బొటనవేలితో కొట్టడం రానివాళ్లే.

ఫైన్ దగ్గర మాత్రం ఇళ్లు సమాఖ్యను మించిపోయాయి. స్ట్రైకర్ బొక్కలో పడితే ఒక కాయ తిరిగి పెట్టాలి. ఇంతవరకూ సరే. ఆ కాయ వలయంలో ఎక్కడ పెట్టాలన్నది అవతలివాడి ఇష్టం. అవతలివాడు దాన్ని నల్లకాయ వెనక, కంటికి ఆనకుండా దాచిపెడతాడు. ముగ్గు వేసేటప్పుడు ఇంత శ్రద్ధ చూపని చేతులు ఇక్కడ మిల్లీమీటరు పక్కకు జరిపి, తల వాల్చి చూసి, మళ్లీ జరుపుతాయి.

కాయల సంఖ్య నియమావళిలో 19: తొమ్మిది తెలుపు, తొమ్మిది నలుపు, ఒక రెడ్. ఇంట్లో రెండో ఏడాదికి అది 17 చుట్టూ స్థిరపడుతుంది. మూలల్లో కట్టిన వల చిరిగి, పడిన కాయ పడినట్టే నేలమీదకు దూకి బీరువా కిందికి దొర్లిపోతుంది. వల చిరిగినప్పుడే సూదీ దారంతో కుట్టేస్తే రెండు నిమిషాల పని. ఎవరూ కుట్టరు. తప్పిపోయిన కాయ స్థానంలో కోటు గుండీ, సీసా మూత, పక్కింటివాళ్ల సెట్టులోంచి తెచ్చిన కాయ వస్తాయి. పక్కింటి కాయ మిల్లీమీటరు మందం ఎక్కువ ఉంటుంది. స్ట్రైకర్ తగిలితే మిగతావాటికన్నా బద్ధకంగా కదులుతుంది. గుండీ తేలిక కాబట్టి ఎగిరి రెండు కాయల మీదుగా వెళ్లి రెడ్ పక్కన కూర్చుంటుంది. కాయ మీద కాయ ఎక్కితే ఏం చెయ్యాలో నియమావళిలో ఉంది, అలాగే వదిలేసి ఆడాలి. గుండీ ఎక్కితే ఏం చెయ్యాలో లేదు. ఈ ఒక్క అంశం మీదైనా సమాఖ్య వచ్చే సంక్రాంతిలోగా స్పష్టత ఇవ్వాలి. అప్పటిదాకా గుండీని నలుపు కిందే జమకట్టి, పది పాయింట్లు మామయ్య ఖాతాలో వేస్తున్నాం.