ఎడిన్‌బరా గాలిలో మాకినేని వారి కిల్టు

ఎడిన్‌బరాలో రాయల్ మైల్ అని ఒక వీధి ఉంది. ఈ చివర కోట, ఆ చివర హోలీరూడ్ రాజభవనం, మధ్యలో అడుగడుక్కీ గళ్ళబట్టల కొట్లు. ప్రతి కొట్టు ముందూ ఒక బొమ్మకి కిల్టు కట్టి నిలబెడతారు. కిల్టు అంటే ఈ స్కాట్లాండు దేశంలో మగవాళ్ళు నడుం చుట్టూ కట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళ గుడ్డ. ఆడవాళ్ళు ఆ బొమ్మని చూసి రంగు బాగుందనో బాలేదనో అనుకుని ముందుకి వెళ్ళిపోతారు. మగవాళ్ళు అలా కాదు, ఆగుతారు. పొట్ట కాస్త లోపలికి లాక్కుని, అద్దంలో పక్కకి తిరిగి చూసుకుంటారు. ఆ తర్వాత వాళ్ళని ఎవరూ ఆపలేరు.

మా ఆయన కూడా ఆగారు. మర్నాడు గ్లాస్గోలో స్నేహితుల గృహప్రవేశం. మగవాళ్ళంతా పట్టుపంచెల్లో దిగుతారు, ఫోటోల్లో ఎవరు ఎవరో తెలియదు, తను మాత్రం ప్రత్యేకంగా కనబడాలి. అదీ ప్లాను.

కొట్లో కుర్రాడు మర్యాదస్తుడు. "మీ ఇంటిపేరు చెప్పండి సార్, మీ వంశం గళ్ళు వెతుకుతాను" అన్నాడు. ఇక్కడ ఒక్కో వంశానికి ఒక్కో రకం గళ్ళు. 2009 నుంచి వాటికి ప్రభుత్వమే ఒక రిజిస్టరు కూడా నడుపుతోంది. మా ఆయన గొంతు సవరించుకుని "మాకినేని" అన్నారు.

ఇక్కడి ఇంటిపేర్లు చాలా "మెక్" అనే మొదలవుతాయి. కుర్రాడి కళ్ళు మెరిశాయి. "మెక్ కినేనీ! పడమటి దీవుల వాళ్ళా?"

మా ఆయన అవునన్లేదు, కాదనీ అన్లేదు. గడ్డం నిమురుకున్నారు. "తణుకు దగ్గర" అన్నాను నేను. తణుకు కూడా ఒక దీవే అనుకున్నట్టున్నాడు, తలూపి కంప్యూటర్‌లో వెతికాడు. మెక్ కినేనీలు దొరకలేదు. చివరికి ఎర్ర గళ్ళది ఒకటి తీసి, "ఇది రాయల్ స్టూవర్ట్, రాజవంశానిదే గానీ అందరూ కట్టుకుంటారు" అని మా మీద దయతలచాడు.

అసలు కిల్టుకి ఎనిమిది గజాల ఉన్ని గుడ్డ పడుతుంది. అంటే మా అమ్మమ్మ కట్టిన తొమ్మిది గజాల చీరకి ఒక్క గజమే తక్కువ. అదంతా కుచ్చిళ్ళుగా వెనక్కి పోతుంది కాబట్టి బరువుగా వేలాడుతుంది. ఆ బరువే దాని పరువు. కాకపోతే కొలతలిచ్చి కుట్టించుకోవాలి, వందల పౌండ్లు పెట్టాలి. మా ఆయన కొన్నది క్యాజువల్ కిల్టు. గుడ్డ అందులో సగం కూడా ఉండదు, ఉన్ని కాదు, తోలు పట్టీలకి బదులు నడుం దగ్గర నొక్కితే అతుక్కునే వెల్క్రో. క్యాజువల్ అంటే ఏమిటని నేను అడిగితే "తేలిగ్గా ఉంటుంది మేడమ్" అన్నాడు కుర్రాడు. పాపం, అబద్ధం చెప్పలేదు.

మర్నాడు పొద్దున్న మా ఆయన గదిలోంచి బయటికొచ్చేసరికి కుచ్చిళ్ళన్నీ ముందున్నాయి.

"ఏవండీ, అవి వెనక్కి రావాలి."

"చీరకి ఎక్కడుంటాయి? పంచెకి ఎక్కడుంటాయి? ముందేగా!"

"కొట్టు ముందు బొమ్మకి వెనకున్నాయి."

"ఆ బొమ్మకి ఎవరో తిప్పి కట్టారు."

ఫోన్‌లో పాతిక ఫోటోలు చూపించాక తిప్పి కట్టుకున్నారు. అలా తిప్పేటప్పుడు వెల్క్రో చర్రుమని ఊడింది. ఆ చప్పుడికి పక్క గదిలో పడుకున్న పిల్లి లేచి వెళ్ళిపోయింది. నేను నాలుగు చీర పిన్నులు తెచ్చాను. ముట్టుకోనివ్వలేదు. కిల్టుకి ముందువైపు ఒక పెద్ద పిన్ను పెడతారు. అది పై పొరకే గుచ్చాలట, రెండు పొరలూ కలిపి గుచ్చితే గుడ్డ చిరుగుతుందని కుర్రాడు మరీ మరీ చెప్పాడట. పుట్టి బుద్ధెరిగాక చీరకి పిన్ను పెడుతున్నదాన్ని నేను. నిన్న కలిసిన కుర్రాడు గురువయ్యాడు.

తర్వాతి గొడవ లోపలి సంగతి. అసలు సిసలు స్కాట్లాండు వాళ్ళు కిల్టు లోపల ఏమీ వేసుకోరని ఒక మాట ఉంది. మా ఆయన దాన్ని ఇక్కడి రాజ్యాంగం అనుకున్నారు. నేను ఊరుకోలేదు, చరిత్ర తవ్వాను. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరా వచ్చినప్పుడు నవలలు రాసే వాల్టర్ స్కాట్ దగ్గరుండి అంతా ఏర్పాటు చేస్తే, రాజుగారు కిల్టు కట్టి, లోపల ఒంటిరంగు బిగుతు మేజోళ్ళు తొడుక్కుని దర్శనమిచ్చారు. "రాజుకే లేని పట్టింపు మీకెందుకండీ?" అన్నాను. పైగా 1746లో లండన్ పార్లమెంటువాళ్ళు కిల్టు మీద నిషేధం పెట్టి, మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారైతే ఏడేళ్ళు సముద్రాల అవతలికి పంపేయడం అన్నారు. 1782 దాకా ఆ చట్టం నడిచింది. వీసా ఫీజు లేకుండా విదేశాలకి పంపే ఆ పథకం మన రోజుల్లో ఉంటే తణుకు సగం ఖాళీ అయ్యేది.

మా ఆయన మెత్తబడి, లోపల ఒక నిక్కరు వేసుకున్నారు. కోఠీలో కొన్నది, నీలం ఆకుపచ్చ గళ్ళది.

బస్సులో పై అంతస్తుకి వెళ్ళొద్దంటే వినలేదు. మెట్ల మీద వెనక నేను ఉన్నాను కాబట్టి సరిపోయింది. సీట్లో కూర్చునేటప్పుడు చేత్తో కుచ్చిళ్ళు కిందికి సర్దుకుంటూ కూర్చోవాలని, మోకాళ్ళు దగ్గరగా పెట్టుకోవాలని, లేచేటప్పుడు వెనక ఒకసారి తడుముకోవాలని చెప్పాను. "ఇన్ని గుర్తుపెట్టుకుని ఎలా తిరుగుతారు మీరు?" అన్నారు ఆశ్చర్యంగా. కాసేపటికి బస్సు పాసు కోసం జేబు తడుముకున్నారు. జేబు లేదు. కిల్టుకి జేబులుండవు కాబట్టే ముందు గొలుసుతో స్పోరన్ అనే తోలు సంచి వేలాడదీస్తారు. అందులోనే ఫోను, తాళాలు, పాసు, కళ్ళజోడు. ఏది తియ్యాలన్నా నలుగురిలో పొత్తికడుపు దగ్గర తవ్వుకోవాలి. నా పంజాబీ డ్రస్సులకి జేబు ఎందుకు కుట్టించుకుంటావని ఏళ్ళ తరబడి వెటకారం చేసిన మనిషి, ఆ రోజు తాళాలు నా హ్యాండ్‌బ్యాగులో వేయమని ఇచ్చారు. నేను తీసుకోలేదు.

ఇక అసలు కథ వేవర్లీ మెట్ల దగ్గర జరిగింది. ప్రిన్సెస్ స్ట్రీట్ నుంచి రైల్వేస్టేషన్‌లోకి దిగే మెట్లవి. ఒక పక్క పెద్ద హోటలు, ఇంకో పక్క షాపింగ్ మాలు, మధ్యలో ఇరుకు సందు. ఊళ్ళో ఉన్న గాలంతా ఆ సందులోకి దూరి, కిందనుంచి పైకి కొడుతుంది. గొడుగులు అక్కడ తిరగబడటం ఇక్కడివాళ్ళకి మామూలే. ఎనిమిది గజాల ఉన్ని కిల్టు ఆ గాలిని పట్టించుకోదు. మా క్యాజువల్ కిల్టు మొదటి మెట్టు మీదే లేవబోయింది. మా ఆయన ముందొక చెయ్యి, వెనకొక చెయ్యి పెట్టి అదిమి పట్టుకుని, ఒక్కో మెట్టూ పక్కకి తిరిగి దిగడం మొదలుపెట్టారు.

ఈ ఊళ్ళో కోట మీద ఆదివారాలు తప్ప దాదాపు రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి ఫిరంగి పేలుస్తారు. ఓడలవాళ్ళు గడియారాలు సరిచేసుకోవడానికని 1861లో మొదలుపెట్టారు, ఓడలు మానేసినా వీళ్ళు మానలేదు. ఆ సంగతి మాకు తెలుసు. అందుకే మెట్ల మీద నిలబడి తలెత్తి హోటలు గడియారం చూశాం. ఒంటిగంట రెండు నిమిషాలు. ఫిరంగి అయిపోయింది, గాలి హోరులో వినబడలేదు కాబోలు అనుకున్నాం.

ఆ గడియారాన్ని కావాలనే మూడు నిమిషాలు ముందు పెడతారట, జనం రైళ్ళు తప్పిపోకుండా. 1902 నుంచీ అంతేనట. ఆ ముక్క ఎవరూ మాకు చెప్పలేదు.

ఢాం అంది.

మా ఆయన రెండు చేతులూ చెవుల మీదికి వెళ్ళిపోయాయి. మనిషన్నవాడి చేతులు అటే పోతాయి, తప్పుపట్టలేం. కిల్టు మాత్రం ఆ అవకాశం కోసమే కాచుకున్నట్టు నాలుగు వైపులా లేచి నడుం పైకి వెళ్ళి నిలబడింది. కోఠీ నిక్కరు ప్రపంచానికి పరిచయమైంది. పైన ఎర్ర గళ్ళు, కింద నీలం ఆకుపచ్చ గళ్ళు, మధ్యలో ఊగుతున్న తోలు సంచి.

మెట్లెక్కుతున్న ఒక ముసలావిడ ఆగింది. నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని తీరిగ్గా చూసి, "అబ్బాయీ, పైవి రాయల్ స్టూవర్ట్ గళ్ళు, అవి నాకు తెలుసు. లోపలివి ఏ వంశం వాళ్ళవి?" అంది.

చెవుల మీద చేతులు తియ్యకుండానే మా ఆయన "మెక్ కినేనీ అండీ" అన్నారు.

"బాగున్నాయి. ఎప్పుడూ చూడలేదు" అని ఆవిడ పైకి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే స్పోరన్‌లో ఫోను మోగింది. ఇక్కడ ఒంటిగంట అంటే తణుకులో అయిదున్నర. అత్తయ్యగారు కాఫీ తాగి వీడియో కాల్ చేసే వేళ. ఎత్తకపోతే ఏమైందోనని నాకు చేస్తారు, నేనూ ఎత్తకపోతే విజయవాడలో ఉన్న ఆడపడుచుకి చేస్తారు. ఒక చేత్తో గుడ్డ అదిమి, ఇంకో చేత్తో సంచి తవ్వి, మా ఆయన ఫోను ఎత్తారు. అదిమిన చెయ్యి పైకి రాదు కాబట్టి కెమెరా నడుం దగ్గరే ఉండిపోయింది.

"ఒరేయ్, తువ్వాలు చుట్టుకుని వీధిలో తిరుగుతున్నావేంట్రా?"

"తువ్వాలు కాదమ్మా, కిల్టు. ఇక్కడి మగవాళ్ళు కట్టుకుంటారు."

"కోడల్ని పిలు." నేను తెర మీదికి వెళ్ళాను. "ఏమ్మా, వాడి ప్యాంట్లు ఉతకలేదా?"

ఆ ప్రశ్న నాకు వస్తుందని ముందే తెలుసు. గుడ్డ ఎవరు కట్టుకున్నా లెక్క చెప్పాల్సింది కోడలే. ప్యాంట్లన్నీ ఇస్త్రీ చేసి బీరువాలో ఉన్నాయని విన్నవించుకున్నాను. ఆవిడ కాసేపు కొడుకుని పరికించి, గొంతు తగ్గించి, "లోపల ఏమన్నా వేసుకున్నాడా? అసలే చలి ప్రదేశం" అన్నారు. అప్పుడే మా పక్కనుంచి బీరు డబ్బాలతో వెళ్తున్న కుర్రాళ్ళ గుంపు కూడా ఇంగ్లీషులో అదే అడిగింది. వాళ్ళది కొంటెతనం, ఆవిడది జలుబు భయం. జవాబు మాత్రం ఇద్దరికీ నేనే చెప్పాను.

రైల్లో ఏమీ జరగలేదు. మా ఆయన గ్లాస్గో దాకా నిలబడే ప్రయాణం చేశారు.

అక్కడ గృహప్రవేశం అయిపోయి సత్యనారాయణ వ్రతం మొదలవబోతోంది. ఫోటోల సంగతి అనుకున్నట్టే జరిగింది. మగవాళ్ళంతా చుట్టూ మూగారు, ఇద్దరు ధర అడిగారు, ఒకాయన ఎక్కడ దొరుకుతుందో రాసుకున్నాడు. అంతలో పంతులుగారు అందరినీ కింద కూర్చోమన్నారు. తోలు వస్తువు పూజ దగ్గరికి పనికిరాదని స్పోరన్ గుమ్మం బయట చెప్పుల పక్కకి పోయింది. గుడ్డని ముందువైపు అణిచిపెట్టిన కాస్త బరువూ దాంతోనే పోయింది. ఇక బాసింపట్టు వేసుకుని కూర్చోవాలి. మా ఆయన ఒకసారి వంగి, ఆలోచించి, మళ్ళీ లేచారు.

పంతులుగారు ఎగాదిగా చూశారు. "నాయనా, దీనికి గోచీ ఉండదా?"

"ఉండదండీ. సంప్రదాయం."

"ఎవరి సంప్రదాయం?"

"ఈ దేశం వాళ్ళదండీ."

"ఈ దేశం వాళ్ళు వ్రతానికి కింద కూర్చోరుగా నాయనా."

ఇంటాయన పరిగెత్తుకెళ్ళి తన పంచె ఒకటి తెచ్చాడు. విప్పి కట్టుకునే వ్యవధి లేదు, కిల్టు మీదే చుట్టుకుని కూర్చున్నారు మా ఆయన. మొదటి అధ్యాయానికి చెమట పట్టింది. మూడో అధ్యాయానికి కాళ్ళు తిమ్మిరెక్కి అటూ ఇటూ కదలడం మొదలుపెట్టారు. నాలుగో అధ్యాయంలో కళావతి ప్రసాదం వదిలేసి పరిగెత్తడం, భర్త ఎక్కిన పడవ మునిగిపోవడం, అందరూ ఊపిరి బిగబట్టి వింటున్నారు. అప్పుడు పంచె లోపల్నుంచి వెల్క్రో చర్రుమంది.

పంతులుగారు పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "కూర్చునే ఉండండి నాయనా" అన్నారు, "ఇంకా ఒక అధ్యాయం ఉంది."