పుచ్చు వంకాయ ఇచ్చే ధ్రువపత్రం

నల్లగొండలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఏడాదికి నాలుగైదు సార్లయినా తిరిగొచ్చే సందేశం ఒకటుంది. సేంద్రియ పంటలో విషం చుక్క కూడా ఉండదట. పోషకాలు రెట్టింపట. ప్రకృతి ఇచ్చినదేదీ హాని చేయదట. పుచ్చు కనిపిస్తే కళ్లు మూసుకుని కొనాలట. ఇవాళ రెట్టింపు ధర పెట్టకపోతే రేపు క్యాన్సర్ ఆసుపత్రికి పదింతలు కట్టాలట. చివర్లో దండం పెట్టే బొమ్మ. మొన్న దాన్ని పంపింది మా మేనమామ. ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ముందు పుచ్చు సంగతి. జనం ఎక్కువగా నమ్మేది దాన్నే. వంకాయను పాడుచేసేది మొవ్వ, కాయ తొలుచు పురుగు. గుడ్డు నుంచి బయటపడిన పిల్లపురుగు తరచూ ముచ్చిక కింద నుంచి లేత కాయలోకి దూరి, వచ్చిన దారిని తన విసర్జనతోనే మూసేసుకుంటుంది. ఇక పైన ఎంత మందు కొట్టినా లోపలి దానికి తగలదు. అందుకే వంగతోటకు రైతులు మళ్లీ మళ్లీ కొడతారు. మనకు బయటికి కనిపించే పెద్ద రంధ్రం, అది కడుపు నింపుకుని వెళ్లిపోయిన దారి. కాబట్టి పుచ్చు వంకాయ సాక్ష్యం చెప్పగలిగేది పురుగు గురించే, మందు గురించి కాదు. ఇంకో అన్యాయం కూడా ఉంది. మగ పురుగులను వాసనతో పట్టే లింగాకర్షక బుట్టలు కట్టి, పురుగు పట్టిన మొవ్వలను ఎప్పటికప్పుడు తుంచి, మందు లేకుండానే నున్నటి కాయ పండించిన రైతును ఈ సందేశం దొంగను చేస్తుంది.

విషం చుక్క ఉండదన్న మాటా నిలవదు. సేంద్రియ సాగులోనూ మందులున్నాయి. మన బత్తాయి తోటల్లో బంక తెగులుకు కాండానికి పూసే బోర్డో పేస్టు మైలుతుత్తం, సున్నం కలిపినదే. మైలుతుత్తం సేంద్రియ సాగులోనూ పరిమితులతో అనుమతించినదే. అందులోని రాగి నేలలో పేరుకుంటుంది. అందుకే ఐరోపా సమాఖ్య హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలకు మించి రాగి వాడరాదని హద్దు పెట్టింది. రైతులు ఇంట్లోనే కాచుకునే అగ్నిఅస్త్రం కషాయంలో వేసే పొగాకు సంగతి సరేసరి, నికోటిన్ విషమే కదా. ఇక మూసీ నీటితో తడిపిన తోటకూరకు ఒక్క గ్రాము యూరియా వేయకపోయినా, హైదరాబాద్ మురుగు దానికి అందుతూనే ఉంటుంది.

అయితే ఇక్కడ సందేశంలో నిజం పాలు కొంత ఉంది, దాచను. 2012లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రెండు వందలకు పైగా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మామూలు పంటల నమూనాల్లో 38 శాతంలో, సేంద్రియ నమూనాల్లో 7 శాతంలో మందు అవశేషాలు బయటపడ్డాయి. తేడా పెద్దదే. కానీ ఏడు, సున్నా ఒకటి కావు.

ప్రకృతి ఇచ్చినదేదీ హాని చేయదట! నల్లగొండలో కూర్చుని ఈ వాక్యం పంపడానికి గుండె ధైర్యం కావాలి. మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి పళ్లకు గార పట్టించి, ఎముకలు వంచేసిన ఫ్లోరైడ్‌ను ఏ కంపెనీ తయారు చేసింది? మన కాళ్ల కింది రాతి పొరల్లోంచి బావి నీటిలోకి దానంతట అదే దిగింది, పూర్తిగా సహజంగా. దాన్ని నీటిలోంచి తీసేయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతిలో వాడినవేమో పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ పద్ధతి అనే పిలుస్తుంది. మా మామయ్య ముందుటి పళ్ల మీది గోధుమరంగు చారలూ ఆ సహజమైన నీటివే. అయినా ఆయనే పంపాడు.

పోషకాలు రెట్టింపన్నది ఒక్క మాటలో తేలిపోతుంది. స్టాన్‌ఫర్డ్ లెక్కలో విటమిన్లకు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2014లో 343 అధ్యయనాలను పరిశీలించిన బ్రిటన్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయ బృందానికి సేంద్రియ పంటలో యాంటీ ఆక్సిడెంట్లు ఎక్కువగా కనిపించాయి. రెట్టింపు పోషకాలని ఆ బృందమూ చెప్పలేదు.

క్యాన్సర్ బెదిరింపు మీద మాత్రం నాకు కోపం. ఫ్రాన్స్‌లో దాదాపు 69 వేల మందిని గమనించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, సేంద్రియం బాగా తినేవాళ్లలో క్యాన్సర్ నాలుగో వంతు తక్కువగా ఉంది. సందేశం రాసినవాళ్లు ఇక్కడే ఆగిపోతారు. బ్రిటన్‌లో ఆరు లక్షలకు పైగా మహిళలను గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తం మీద తగ్గుదల కనిపించలేదు. పైగా సేంద్రియం కొనేవాళ్లు సాధారణంగా డబ్బున్నవాళ్లు, సిగరెట్టు తక్కువ తాగేవాళ్లు. లెక్కల్లో ఎంత సవరించినా ఆ తేడా పూర్తిగా పోదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు తినమంటోంది. నలుగురున్న ఇంటికి కిలోన్నర దాటుతుంది. ఈ భయంతో రెట్టింపు ధర పెట్టి సగమే కొంటే ఆ ఇంటికి నష్టమే.

సేంద్రియం కొనవద్దని నేను అనడం లేదు. కొనడానికి గట్టి కారణం ఉంది, సందేశంలోనే లేదు. మన పళ్లెంలోకి వచ్చేది అవశేషం. మందు కొట్టేవాడి వీపు మీద ఉండేది పదహారు లీటర్ల ట్యాంకు, మూతికి తువ్వాలు, చేతులకు ఏమీ ఉండదు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టి 20 మందికి పైగా చనిపోయారు. పత్తి మన దగ్గరా అదే పత్తి. జనగామ జిల్లాలోని ఏనబావి ఊరు ఊరంతా రసాయనాలు మానేసిందంటే, అందులో మొదటి లాభం మందు మోసే భుజాలదే. స్తోమత ఉన్నవాళ్లు దానికోసం కొనండి. సంచీ మీద, సేంద్రియమని ధ్రువీకరించే జైవిక్ భారత్ ముద్ర చూసి కొనండి. నేరుగా అమ్ముకునే చిన్న రైతుకు ఆ ముద్ర నుంచి మినహాయింపు ఉంది. అక్కడ అడిగి తెలుసుకోవాల్సిందే.

నేను కూరగాయలు తెచ్చుకునేది రైతుబజారులో ఒక పెద్దమ్మ దగ్గర. సేంద్రియమని ఆమె ఏనాడూ అనలేదు. పోయిన ఆదివారం బెండకాయలు ఏరబోతుంటే చేయి అడ్డం పెట్టింది.

“వాటికి మొన్ననే మందు కొట్టాం బిడ్డా. ఇవాళ్టికి సొరకాయ తీసుకో.”